సెషన్ మూయకుండానే లైనక్స్ తెరను సరిచేయడం

[తెరపై: ఎడిటర్‌లో సగం రాసిన ఉత్తరం. పై ప్యానెల్‌లో గడియారం ఉండాల్సిన చోట రంగురంగుల గళ్లు. మౌస్ కదులుతున్నా, దాని వెనక విండో ముక్కలు ముక్కలుగా మిగిలిపోతోంది.]

నమస్కారం. ఈ ఉత్తరం ఇంకా సేవ్ కాలేదు. తెర చూస్తే ఇలా ఉంది. లాప్‌టాప్ మూత తెరిచినప్పుడో, ప్రొజెక్టర్ తీగ పీకినప్పుడో లైనక్స్ వాడేవారికి ఎప్పుడో ఒకసారి ఇలాంటి తెర ఎదురవుతుంది. చాలామంది వెంటనే లాగౌట్ చేస్తారు, లేదా పవర్ బటన్ అదిమి పట్టుకుంటారు. తెరిచి ఉన్న పనంతా పోతుంది. అలా పోగొట్టుకోవాల్సిన అవసరం చాలాసార్లు లేదు. అందుకే ఈ వీడియో.

విండోస్ వాడిన రోజుల్లో మనలో చాలామందికి ఒక అలవాటు అబ్బింది. కంప్యూటర్ ఆన్ కాగానే డెస్క్‌టాప్‌పై కుడి క్లిక్, రిఫ్రెష్. ఇంకోసారి, మరోసారి. కంప్యూటర్ సెంటర్లో పక్కవారిని చూసి నేర్చుకున్నదే. నిజానికి ఆ రిఫ్రెష్ చేసేది డెస్క్‌టాప్ ఫోల్డర్‌లో ఏమేమి ఉన్నాయో చదివి ఐకాన్లను మళ్లీ చూపడం, అంతే. గ్రాఫిక్స్ డ్రైవర్‌ను తిరిగి లేపడానికి విండోస్‌లో వేరే మీటల కలయిక ఉంది: విండోస్ మీట, కంట్రోల్, షిఫ్ట్, బి. లైనక్స్‌లో అన్ని డెస్క్‌టాప్‌లకూ పనిచేసే అలాంటి మీట ఒక్కటి లేదు. ఎందుకు లేదో తెలిస్తే, ఏ మీట ఎప్పుడు నొక్కాలో కూడా తెలిసిపోతుంది.

[తెరపై: ఒక వీధి బొమ్మ. ప్రతి ఇంటి ముందూ ఒక ముగ్గు.]

ఈ వీధిని మీ తెర అనుకోండి. ప్రతి ఇల్లూ ఒక ప్రోగ్రాం, దాని ముందున్న ముగ్గు ఆ ప్రోగ్రాం విండో. వీధికి ఒక పెద్ద ఉన్నారు, ఆయనే ఎక్స్ సర్వర్. 1984లో అమెరికాలోని ఎంఐటీలో పుట్టిన ఎక్స్ విండో సిస్టమ్ ఇది. 1987లో వచ్చిన ఎక్స్11 రూపమే ఇప్పటికీ ఎన్నో కంప్యూటర్లలో నడుస్తోంది. ఆ కాలంలో మెమరీ చాలా ఖరీదు. అందుకని వీధి పెద్ద ఎవరి ముగ్గునూ గుర్తుపెట్టుకోరు. ఒక ముగ్గు మీద ఎవరో బండి నిలిపి, తర్వాత తీసేశారు. ముగ్గు చెరిగిపోయింది. అప్పుడు పెద్ద ఆ ఇంటి తలుపు తట్టి, 'మీ ముగ్గులో ఈ మూల చెరిగింది, మళ్లీ వేయండి' అని చెబుతారు. ఎక్స్ భాషలో ఈ కబురు పేరు ఎక్స్‌పోజ్. విండో బొమ్మను మళ్లీ గీసే పని ఎప్పుడూ ఆ ప్రోగ్రాందే.

[తెరపై: టెర్మినల్. 'ఎక్స్‌రిఫ్రెష్' కమాండ్ అక్షరాలు పెద్దగా కనిపించాలి.]

ఇక ఎక్స్‌రిఫ్రెష్ అనే చిన్న కమాండ్ ఏం చేస్తుందో చూడండి. వీధి మొత్తం మీద ఒక దుప్పటి పరుస్తుంది, మరుక్షణంలో తీసేస్తుంది. అంటే తెరంత విండో ఒకటి తెరిచి మూసేస్తుంది. దాంతో అన్ని ఇళ్లకూ ఒకేసారి కబురు వెళుతుంది, అందరూ ముగ్గులు మళ్లీ వేస్తారు. ఇంత చిన్న ఉపాయంతో తెర మొత్తం తాజా అవుతుంది. నాకు చాలా ఇష్టమైన కమాండ్ ఇది. డెబియన్, ఉబుంటుల్లో ఎక్స్11 ఎక్స్‌సర్వర్ యుటిల్స్ అనే ప్యాకేజీలో దొరుకుతుంది.

కానీ ఈ రోజు మీరు ఎక్స్‌రిఫ్రెష్ కొట్టి చూస్తే, మరక అలాగే ఉండిపోవచ్చు. కారణం కంపోజిటర్. నీడలు, పారదర్శకత, మెత్తని కదలికలు కావాలనుకున్నాక పద్ధతి మారింది. ఇప్పుడు ప్రతి ఇల్లూ తన ముగ్గును లోపల ఒక పలక మీద వేస్తుంది. కంపోజిటర్ అనే ఒక ఫొటోగ్రాఫర్ ఆ పలకలన్నిటినీ ఫొటోలు తీసి, వీధి చివర పెద్ద గోడ మీద అతికిస్తాడు. మనం చూసేది ఆ గోడను. వీధిలో దుప్పటి పరిచినా లోపలి పలకలు చెరగవు కాబట్టి తలుపులు తట్టే పనే లేదు. దుప్పటిని చూసి ఫొటోగ్రాఫర్ గోడను మళ్లీ అతికించవచ్చు, అప్పుడు గోడ మీది మరక పోతుంది. పలక మీదే మరక ఉంటే మాత్రం పోదు.

ఈ గోడ చిన్నదేమీ కాదు. అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కల తెర అంటే 20,73,600 చుక్కలు. చుక్కకు 4 బైట్ల చొప్పున సుమారు 83 లక్షల బైట్లు. 60 హెర్ట్జ్ తెర అయితే ఇంత బొమ్మ సెకనుకు 60 సార్లు తెరకు చేరాలి.

[తెరపై: మరక ఉన్న తెర. ప్రింట్ స్క్రీన్ మీట నొక్కుతున్న చేయి.]

కాబట్టి ముందు తేల్చుకోవాల్సింది మరక ఏ పొరలో ఉందో. దానికి ఒక సులువైన పరీక్ష ఉంది, స్క్రీన్‌షాట్. తీసిన బొమ్మను ఫోనుకు పంపుకొని అక్కడ చూడండి. బొమ్మలో కూడా గళ్లు కనిపిస్తే తప్పు ప్రోగ్రాంలోనో, కంపోజిటర్‌లోనో, అది వాడే గ్రాఫిక్స్ మెమరీలోనో ఉంది. స్క్రీన్‌షాట్ శుభ్రంగా ఉండి, ఎదురుగా ఉన్న తెర మాత్రం చెదిరి ఉంటే, తప్పు అంతకంటే కింద ఉన్నట్టు. అంటే తెరకు సంకేతం పంపే దశలో, తీగలో, లేదా తెరలోనే. ఒకే విండో పాడై మిగతావన్నీ బాగుంటే ఇంత ఆలోచన అక్కర్లేదు. ఆ విండో అంచు పట్టుకుని కాస్త లాగండి. పరిమాణం మారితే ప్రోగ్రాం తన పలకను మళ్లీ గీసి తీరాలి. టెర్మినల్‌లో అక్షరాలు పిచ్చి గీతలైతే రీసెట్ అని టైప్ చేసి ఎంటర్ నొక్కండి. టైప్ చేసేది సరిగా కనిపించకపోయినా ఫరవాలేదు, పనిచేస్తుంది.

చెదిరింది ప్యానెల్ అయితే, లేదా డెస్క్‌టాప్ అంతా అయితే, ఫొటోగ్రాఫర్‌ను మార్చాలి. ఇక్కడ ఒక్క నిమిషం ఆగి, మీది ఎక్స్ సెషనా, లేక ఎక్స్ స్థానంలోకి వస్తున్న కొత్త పద్ధతి వేలాండ్ సెషనా తెలుసుకోండి. దీని తర్వాత చెప్పేదంతా దాని మీదే ఆధారపడి ఉంది.

[తెరపై: టెర్మినల్‌లో ఎకో కమాండ్, పక్కన డాలర్ గుర్తుతో ఎక్స్‌డీజీ సెషన్ టైప్. కింద జవాబు: ఎక్స్11.]

ఈ కమాండ్ ఇస్తే ఎక్స్11 అనో, వేలాండ్ అనో జవాబు వస్తుంది. ఎక్స్11 అని వస్తే మీకు చాలా వెసులుబాటు ఉంది. గ్నోమ్ డెస్క్‌టాప్‌లో ఆల్ట్, ఎఫ్2 కలిపి నొక్కండి. వచ్చిన పెట్టెలో చిన్న ఆర్ అక్షరం ఒక్కటి రాసి ఎంటర్ కొట్టండి. ఒకటి రెండు సెకన్లు తెర బిగుసుకుంటుంది, టైటిల్ బార్లు మాయమై తిరిగి వస్తాయి. విండోలన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి, ఎందుకంటే ఇళ్లను చూసుకునేది వీధి పెద్ద. మారింది ఫొటోగ్రాఫర్ మాత్రమే.

లైనక్స్ మింట్‌లోని సినమన్‌లో అయితే కంట్రోల్, ఆల్ట్, ఎస్కేప్. ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్‌లో దాని విండో మేనేజర్ పేరు ఎక్స్‌ఎఫ్‌డబ్ల్యూఎమ్4 అని రాసి, ఖాళీ వదిలి, రెండు అడ్డగీతలు, రీప్లేస్. దీన్ని టెర్మినల్‌లో కాకుండా ఆల్ట్ ఎఫ్2 పెట్టెలో ఇవ్వండి. టెర్మినల్‌లో ఇస్తే, తర్వాత ఆ టెర్మినల్ మూసినప్పుడు కొత్త విండో మేనేజర్ కూడా దాంతోపాటే పోయే ప్రమాదం ఉంది. కేడీఈ ప్లాస్మా ఎక్స్ సెషన్‌లో ఆల్ట్, షిఫ్ట్, ఎఫ్12 కంపోజిటింగ్‌ను ఆపుతుంది, మళ్లీ నొక్కితే మొదలుపెడుతుంది. మరక పోవడానికి చాలాసార్లు అదే చాలు.

[తెరపై: ఎర్రటి అంచుతో హెచ్చరిక పలక.]

ఇప్పుడు చెప్పేది దయచేసి జాగ్రత్తగా వినండి. గ్నోమ్‌లో ప్యానెల్‌నూ, తెరనూ చూసుకునే గ్నోమ్ షెల్‌ను కిల్‌ఆల్ కమాండ్‌తో ఆపితే అదే తిరిగి లేస్తుందన్న చిట్కా ఏళ్ల తరబడి ప్రచారంలో ఉంది. ఎక్స్11లో అది నిజమే, షెల్ ఆగితే సెషన్ మేనేజర్ దాన్ని మళ్లీ లేపుతుంది. వేలాండ్‌లో అదే కమాండ్ మీ పనంతటినీ తుడిచిపెడుతుంది. 2008లో క్రిస్టియన్ హ్యోగ్స్‌బర్గ్ మొదలుపెట్టిన వేలాండ్ పద్ధతిలో వీధి పెద్ద, ఫొటోగ్రాఫర్ వేర్వేరు మనుషులు కారు, ఒక్కరే. ఆ ఒక్కరూ పోతే ఇళ్లకు వీధే లేదు, ప్రోగ్రాంలన్నీ మూతపడతాయి. ఆల్ట్ ఎఫ్2 పెట్టెలో ఆర్ కొడితే వేలాండ్‌లో గ్నోమ్ ఒప్పుకోకపోవడానికి కారణం ఇదే. ఉబుంటు 25.10 నుంచి గ్నోమ్‌కు ఎక్స్ సెషనే లేదు కాబట్టి, పాత చిట్కా ఇప్పుడు మరింత ప్రమాదకరం.

మరి వేలాండ్‌లో ఏం చేయాలి? రెండు మార్గాలు, రెండూ ఎక్స్‌లో కూడా పనిచేస్తాయి.

[తెరపై: కీబోర్డు దగ్గరగా. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3. తెర నల్లబడి లాగిన్ అడిగే తెల్ల అక్షరాలు. తర్వాత కంట్రోల్, ఆల్ట్, ఎఫ్2. డెస్క్‌టాప్ తిరిగి వస్తుంది.]

మొదటిది కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3. నల్లటి అక్షరాల తెర వస్తుంది. అక్కడ లాగిన్ కూడా చేయనక్కర్లేదు. రెండు క్షణాలు ఆగి కంట్రోల్, ఆల్ట్, ఎఫ్2తో వెనక్కి రండి. ఉబుంటులో సాధారణంగా మీ సెషన్ ఎఫ్2లో ఉంటుంది, కొన్ని ఇతర ఏర్పాట్లలో ఎఫ్7లో. వెళ్లేటప్పుడు కంపోజిటర్ తెర మీది హక్కును వదులుకుంటుంది. తిరిగి వచ్చినప్పుడు హక్కు తీసుకుని, తెర కొలతలను కొత్తగా అమర్చి, గోడంతా మొదటి నుంచి అతికిస్తుంది. ఏ కమాండ్ గుర్తులేకపోయినా ఇది ఒక్కటి గుర్తుంచుకోండి.

రెండోది సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే దగ్గర. రిఫ్రెష్ రేటునో, రిజల్యూషన్‌నో మార్చి అప్లై నొక్కండి. 'ఈ మార్పు ఉంచమంటారా' అని గ్నోమ్ అడుగుతుంది. జవాబు చెప్పకండి. 20 సెకన్లు చూసి అదే పాత అమరికకు తిరిగి వెళుతుంది. అంటే మీ చేయి పడకుండానే తెర రెండుసార్లు కొత్తగా అమరుతుంది. మధ్యలో తెర నల్లబడినా భయపడనక్కర్లేదు.

ఎక్స్‌లో ఇదే పనికి ఎక్స్‌రాండర్ కమాండ్ ఉంది. తెర పేరు చెప్పి ఆఫ్, తర్వాత ఆటో. ఒకే తెర ఉన్నవారు రెండు కమాండ్లనూ కలిపి ఒకే వరుసలో రాసి, అప్పుడు ఎంటర్ కొట్టాలి. ఆఫ్ ఒక్కటే ఇస్తే, తర్వాతి కమాండ్‌ను చీకట్లో టైప్ చేయాల్సి వస్తుంది.

నిద్ర నుంచి లేచిన ప్రతిసారీ గళ్లు వస్తుంటే, అది తాజా చేయడంతో తీరే సమస్య కాదు. నిద్రలోకి వెళ్లినప్పుడు గ్రాఫిక్స్ కార్డు మెమరీలోని బొమ్మలు నిలవకపోవడం ఒక కారణం కావచ్చు. ఆ మెమరీని భద్రపరిచేందుకు ఎన్‌విడియా డ్రైవర్‌లో ప్రత్యేక అమరిక, నిద్రకూ మేల్కొలుపుకూ విడి సర్వీసులు ఉన్నాయి. అవి ఆన్‌లో ఉన్నాయో లేదో చూడండి. పోతన, వేమన వంటి తెలుగు ఫాంటు కొత్తగా వేసినా ఒత్తులు డబ్బాలుగానే కనిపిస్తుంటే, దానికీ తెరతో పనిలేదు. ఎఫ్‌సీ క్యాష్ కమాండ్ ఇచ్చి ఆ ప్రోగ్రాంను మూసి తెరవండి, చాలు.

ఇక కేడీఈ వారి పని. ప్లాస్మాలో ప్యానెల్, వాల్‌పేపర్ చూసుకునే ప్లాస్మా షెల్ వేరు, కంపోజిటర్ అయిన క్విన్ వేరు. అందుకే వేలాండ్‌లో కూడా ప్లాస్మా షెల్‌ను సిస్టమ్‌సీటీఎల్ యూజర్ కమాండ్‌తో నిర్భయంగా రీస్టార్ట్ చేయవచ్చు, విండోలకు ఏమీ కాదు. 2024 ఫిబ్రవరిలో వచ్చిన ప్లాస్మా 6తో ఇంకో అడుగు ముందుకు పడింది. వేలాండ్‌లో క్విన్ కూలిపోయినా, క్యూటీ 6 అనే ప్రోగ్రాం తయారీ సామగ్రితో తయారైన ప్రోగ్రాంలు ప్రాణం పట్టుకుని ఆగి, క్విన్ తిరిగి లేవగానే వచ్చి చేరతాయి. మిగతా ప్రోగ్రాంలకు ఈ భరోసా లేదు, కనుక పని సేవ్ చేయకుండా మీరు దీన్ని ప్రయత్నించకండి. ఇక్కడ పరీక్ష కోసం నేను చేసి చూపిస్తాను.

[తెరపై: కేట్ ఎడిటర్‌లో సేవ్ చేయని ఉత్తరం. పక్కన టెర్మినల్‌లో క్విన్‌ను ఆపే కమాండ్. ఎంటర్. తెర నల్లబడుతుంది. ఒకటి, రెండు, మూడు సెకన్లు, మాటలు లేవు. వాల్‌పేపర్ వస్తుంది, ప్యానెల్ వస్తుంది, చివరికి కేట్. ఉత్తరం సగంలో ఆగిన వాక్యం, దాని పక్కన మెరుస్తున్న కర్సర్.]