ప్రింటర్‌కూ కంప్యూటర్‌కూ మధ్య దుబాసీ

(కావలిలో కంప్యూటర్ సైన్స్ విద్యార్థులు, డీటీపీ షాపుల వాళ్ళు కలిసిన సభలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. షాపులు మూసుకుని వచ్చిన డీటీపీ, జెరాక్స్ మిత్రులకు ముందుగా కృతజ్ఞతలు. శనివారం సాయంత్రం గిరాకీ వదులుకుని రావడం ఎంత కష్టమో నాకు తెలుసు. నాదీ అదే పని.

అచ్చుపని మన జిల్లాకు పాతదే. 1854లో మద్రాసులో ముద్రణాలయం పెట్టిన వావిళ్ళ రామస్వామి శాస్త్రులుగారు నెల్లూరు సీమ మనిషి. ఆ కాలపు సీసపు అక్షరాల గురించి ఒక్క సంగతి చెప్పి నా విషయంలోకి వస్తాను. అక్షరం అందంగా ఉంటే చాలదు, దాని ఎత్తు పక్క అక్షరంతో సమానంగా ఉండాలి. ఇంగ్లీషు వాళ్ళ కొలతలో ఆ ఎత్తు 0.918 అంగుళం. వెంట్రుకవాసి తగ్గినా సిరా సరిగ్గా అంటదు. ఎత్తు కుదిరితే మాత్రం ఎక్కడ పోతపోసిన అక్షరమైనా పక్కదానితో కలిసి అచ్చవుతుంది. నేను మాట్లాడబోయేది ఆ ఎత్తు గురించే, అంటే ఏ కంప్యూటర్‌నైనా ఏ ప్రింటర్‌తోనైనా కలిపే ఉమ్మడి కొలత గురించి, కాకపోతే సాఫ్ట్‌వేర్‌లో.

మూడేళ్ళ కింద మా షాపులో ఒక కంప్యూటర్‌ను లినక్స్ నుంచి ఫ్రీబీఎస్‌డీకి మార్చాను. రెండూ కంప్యూటర్‌ను నడిపే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌లే, యూనిక్స్ అనే పాత సిస్టమ్ పోకడలోవే. ఫైర్‌ఫాక్స్ వచ్చింది, లిబ్రేఆఫీస్ వచ్చింది, పాత ఫైళ్ళన్నీ తెరుచుకున్నాయి. ప్రింటర్ ఒక్కటే ఉలకలేదు, పలకలేదు. తెల్లారితే డిగ్రీ పరీక్షలు. తొమ్మిదింటికల్లా హాల్ టికెట్ల కోసం పిల్లలు బారులు తీరతారు. ఆ రాత్రంతా కూర్చున్నాను. రెండు చిక్కులు బయటపడ్డాయి. వాటిలో మొదటిది చిన్నది, రెండోది చాలా పెద్దది.

మొదటిది ఇదీ. యూనిక్స్ కుటుంబంలో ప్రింటింగ్‌కు మొదటినుంచీ రెండు దారులు. బీఎస్‌డీలకు మూలమైన బర్క్‌లీ యూనివర్సిటీ వాళ్ళ కమాండ్ ఎల్‌పీఆర్, ఏటీ అండ్ టీ కంపెనీ సిస్టమ్ ఫైవ్ వాళ్ళది ఎల్‌పీ. బర్క్‌లీ పద్ధతిలో ప్రింటర్ల వివరాలు ప్రింట్‌క్యాప్ అనే ఫైల్‌లో రాసుకోవాలి, నెట్‌వర్క్‌లో 515వ పోర్టు వాడతారు. 1990లో దాన్ని ఆర్ఎఫ్‌సీ 1179 అనే ఇంటర్నెట్ పత్రంగా కాగితం మీద పెట్టారు. తర్వాత మైకేల్ స్వీట్ కప్స్ అనే ప్రింటింగ్ వ్యవస్థ తయారుచేశారు, 1999లో అది బయటికొచ్చింది. పాత రెండు దారుల వాళ్ళూ అలవాటు మార్చుకోనక్కర లేకుండా ఎల్‌పీఆర్, ఎల్‌పీ రెండు కమాండ్లనూ అందులో పెట్టారు. 2002లో ఆపిల్ తన మ్యాక్ సిస్టమ్‌లోకి తీసుకుంది, 2007లో కోడ్ కొనేసింది. ఇప్పుడు దాన్ని ముందుకు నడిపిస్తున్నది ఓపెన్‌ప్రింటింగ్ బృందం.

ఫ్రీబీఎస్‌డీలో బర్క్‌లీ ఎల్‌పీఆర్ పుట్టుకతోనే ఉంటుంది, యూఎస్ఆర్ బిన్ డైరెక్టరీలో. మనం విడిగా ఇన్‌స్టాల్ చేసుకునే కప్స్ వాళ్ళ ఎల్‌పీఆర్ యూఎస్ఆర్ లోకల్ బిన్‌లో కూర్చుంటుంది. కమాండ్ కొడితే ముందు దొరికేది పాతదే. బ్రౌజర్‌లో 631 పోర్టు తెరిస్తే ప్రింటర్ సిద్ధం అని కప్స్ చెబుతోంది, ఎల్‌పీఆర్ కొడితే ఆ ప్రింటర్ ఎవరో నాకు తెలియదంటోంది. ఇద్దరూ నిజమే చెబుతున్నారు! ఒకే పేరుతో ఇద్దరున్నారని నాకు తట్టడానికి రెండు గంటలు పట్టింది. కమాండ్లను ఏ డైరెక్టరీలో ముందు వెతకాలో చెప్పే పాత్ వరస మార్చాను, ఆ చిక్కు తీరింది.

రెండోది డ్రైవర్. ఈస్టిండియా కంపెనీ దొరలకూ మన వ్యాపారులకూ మధ్య ఒకరి మాట ఇంకొకరికి చెప్పే దుబాసీలు ఒకప్పుడు ఉండేవాళ్ళు గదా, ప్రింటర్ డ్రైవర్ చేసేది అచ్చం ఆ పనే. మా ప్రింటర్ చిన్న లేజర్ ప్రింటర్, చవగ్గా దొరికింది. చవక ఎందుకంటే, పేజీని చుక్కలుగా మార్చే మెదడు అందులో లేదు. ఆ పనంతా కంప్యూటర్ చెయ్యాలి, చేసి ఆ కంపెనీ సొంత భాషలో పంపాలి. ఆ భాష ఏమిటో కంపెనీ ఎక్కడా రాసిపెట్టలేదు. లినక్స్ కోసం కంపైల్ చేసిన, అంటే యంత్రభాషలోకి మార్చేసిన, ఒక ఫైల్ మాత్రం ఇచ్చింది.

ఆ ప్యాకేజీ విప్పి చూశాను. ఇన్‌స్టాల్ స్క్రిప్ట్ మొదటి వరసలో బిన్ బాష్ అని ఉంది, అంటే కమాండ్లు నడిపే బాష్ అనే ప్రోగ్రామ్ బిన్ డైరెక్టరీలో ఉంటుందని. ఫ్రీబీఎస్‌డీలో బాష్ వేసుకున్నా అది అక్కడ ఉండదు, యూఎస్ఆర్ లోకల్ కింద ఉంటుంది. ప్రింటుకు పోయే పేజీని మార్చే ఫిల్టర్లను యూఎస్ఆర్ లిబ్ కప్స్‌లో పెట్టమంది. ఫ్రీబీఎస్‌డీలో ఆ చోటు యూఎస్ఆర్ లోకల్ లిబ్‌ఎక్సెక్ కప్స్, నెట్‌బీఎస్‌డీలో యూఎస్ఆర్ పీకేజీ లిబ్‌ఎక్సెక్ కప్స్. యూఎస్‌బీ ప్రింటర్‌ను లినక్స్ ఎల్‌పీ0 అంటే బీఎస్‌డీలు యూఎల్‌పీటీ0 అంటాయి. ఇవన్నీ ఓపికుంటే సరిచేసుకోగలిగినవే. ఫైళ్ళ చిరునామాలను కోడ్‌లో గట్టిగా పాతెయ్యకుండా, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు కప్స్‌నే అడిగి తెలుసుకుంటే ఇందులో సగం శ్రమ ఉండదు. స్క్రిప్టులు రాసే పిల్లలూ, ఇది గుర్తు పెట్టుకోండమ్మా. బాష్‌కు మాత్రమే తెలిసిన పోకడలు వాడకుండా అన్ని యూనిక్స్‌లలో ఉండే మామూలు ఎస్‌హెచ్‌లో రాయండి.

కానీ కంపైల్ చేసిన ఆ ఫైల్‌ను ఏం చేస్తాం? సోర్స్, అంటే మనిషి రాసిన అసలు కోడ్, లేదు. లినక్స్ ప్రోగ్రాములు నడిపే పొర ఫ్రీబీఎస్‌డీలో ఉంది, ఓపెన్‌బీఎస్‌డీ అలాంటి పొరను 2016లో 6.0తో తీసేసింది. సరే, బీఎస్‌డీ సంగతి వదిలెయ్యండి. ఇంటెల్ ప్రాసెసర్ కోసం చేసిన ఆ ఫైల్, లినక్సే ఉన్నా వేరే రకం ప్రాసెసర్ వాడే రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌లో కూడా నేరుగా నడవదు. ఒక్క ఇంట్లో తప్ప ఇంకెక్కడా నోరు విప్పని దుబాసీ అది. 1980 ప్రాంతంలో ఎంఐటీ ల్యాబ్‌లో ప్రోగ్రామర్ రిచర్డ్ స్టాల్‌మన్‌కు ఎదురైన అడ్డంకీ ఇదే. పాత ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుంటే అందరికీ కబురందేలా ఆయన సాఫ్ట్‌వేర్ మార్చుకున్నారు. కొత్త లేజర్ ప్రింటర్ వచ్చాక దాని సోర్స్ ఇవ్వలేదు. 1983లో సోర్స్ అందరికీ అందే గ్నూ ప్రాజెక్టును ప్రకటించడానికి దారితీసిన అనుభవాల్లో అదొకటి. నలభై ఏళ్ళు దాటినా మన షాపుల్లో అదే గోడ ఉందంటే నాకు నిజంగా బాధేస్తుంది.

ఆ తెల్లవారి పాత లినక్స్ కంప్యూటర్‌నే మళ్ళీ పైకి తీశాను. ప్రింటర్ దానికి తగిలించి, కప్స్‌లో షేరింగ్ పెట్టాను. ఫ్రీబీఎస్‌డీ మిషన్ దానికి ఐపీపీలో, అంటే ఇంటర్నెట్ ప్రింటింగ్ ప్రోటోకాల్‌లో పంపుతుంది, అది ఆ ప్రింటర్ భాషలోకి మార్చుతుంది. హాల్ టికెట్లు అందరికీ అందాయి. ఆ ఏర్పాటు ఇప్పటికీ అలాగే ఉంది.

అక్కడే నాకు అర్థమైంది, సీసపు అక్షరం ఎత్తు ఇక్కడ ఐపీపీ అని. 1984లో అడోబీ తెచ్చిన, పేజీని వర్ణించే పోస్ట్‌స్క్రిప్ట్ భాషకు వివరణ పుస్తకంగా అందరికీ దొరికింది కాబట్టే 1988లో పీటర్ డాయిచ్ దాన్ని చదివే ఘోస్ట్‌స్క్రిప్ట్ ఇవ్వగలిగారు. సోర్స్ ఉంది కాబట్టే అది అన్ని యూనిక్స్‌లకూ చేరింది. ఐపీపీ ఇంకో మెట్టు పైకి తీసుకెళ్ళింది. నీకు ఏ సైజు కాగితం వచ్చు, రెండువైపులా వెయ్యగలవా, ఏ ఫార్మాట్ చదవగలవు అని కంప్యూటర్ అడుగుతుంది, ప్రింటరే జవాబు చెబుతుంది. 2010లో ఆపిల్ వాళ్ళ ఎయిర్‌ప్రింట్, 2013లో ఐపీపీ ఎవ్రీవేర్ వచ్చాక దుబాసీ అవసరమే చాలావరకు పోయింది. ఎల్‌పీ‌అడ్మిన్ కమాండ్‌లో మోడల్ చోట ఎవ్రీవేర్ అని రాస్తే లినక్స్ అయినా బీఎస్‌డీ అయినా ఒకటే. ప్రింటర్ కొనేటప్పుడు రేటుతోపాటు పెట్టెమీద ఈ పేర్లున్నాయేమో చూడండి. నెట్‌వర్క్ ఉన్నదైతే మరీ మేలు.

మన తెలుగు గురించి ఒక మాట చెప్పాలి. తెలుగు టెక్స్ట్ ఫైల్‌ను నేరుగా ప్రింట్‌కు పంపకండి. పేజీ కట్టే ఫిల్టర్‌కు ఒక్కో సిస్టమ్‌లో ఒక్కో ఫాంట్ దొరుకుతుంది, తెలుగు లేని ఫాంట్ దొరికితే డబ్బాలు పడతాయి. లక్ష్మిలో క్ష కింద మ వత్తు కూర్చోవాలంటే హార్ఫ్‌బజ్ లాంటి ప్రోగ్రామ్ అక్షరాలను అమర్చాలి. ఆ అమరిక అయ్యాక, ఫాంట్‌ను లోపలే ఇమిడ్చి పీడీఎఫ్ చెయ్యండి. అప్పుడు అవతల ఏ సిస్టమ్ ఉన్నా వత్తు పక్కకు జరగదు. పెళ్ళి శుభలేఖలు చేసే అన్నలకు ఇది బాగా పనికొస్తుంది. యూనికోడ్ కాని పాత డీటీపీ ఫాంట్లలో ఉన్న ఫైళ్ళనూ ఆ ఫాంటున్న మిషన్ బతికుండగానే పీడీఎఫ్‌గా తీసిపెట్టుకోండి. తర్వాత తెరిస్తే ఇంగ్లీషు అక్షరాల గందరగోళం కనిపిస్తుంది.

ఐపీపీ వచ్చిన ప్రింటర్ ఒకటి ఆటోలో వేసుకుని తెచ్చాను, ఆ బల్లమీద ఉంది. వైఫై పేరు బోర్డుమీద రాశాను. డ్రైవర్ ఏమీ వెయ్యకుండా ఎవరి లాప్‌టాప్ నుంచి పేజీ వస్తుందో చూద్దాం. ఓపెన్‌బీఎస్‌డీ, నెట్‌బీఎస్‌డీ ఉన్నవాళ్ళు ముందు రండి.