72 గంటలు, 45 రోజులు, కిట్టు లెక్కలు

వసంత: వస్తోందా? ఆ, వెలిగింది. నమస్కారం అందరికీ. ఇవాళ మన విషయం హెచ్‌ఐవీ టెస్టు ఎప్పుడు చేయించుకోవాలి అని. ఏదో జరిగింది, భయం పట్టుకుంది, ఏ రోజు వెళ్లి రక్తం ఇస్తే ఆ రిపోర్టును నమ్మొచ్చు? అరగంటలో తేల్చేద్దామని కిట్టు మాటిచ్చాడు.

కిట్టు: పోయినసారి కూడా ఇచ్చాను.

వసంత: పోయినసారి సంగతి ఎత్తకు, మళ్లీ మెట్ల దాకా వెళ్తుంది.

కిట్టు: (నవ్వు) మెట్లు వద్దు తల్లీ. మెట్ల గురించి ఇంకా మెయిల్స్ వస్తున్నాయి.

వసంత: సరే. టెస్టు కంటే ముందు ఒక మాట. మీకు ఆ జరిగిందేదో నిన్నో మొన్నో జరిగి ఉంటే, మమ్మల్ని ఇక్కడే ఆపేసి ఆస్పత్రికి వెళ్లండి. మేం ఎక్కడికీ పోం. వెళ్లాల్సింది టెస్టు కోసం కాదు, మందు కోసం. దాన్ని పెప్ అంటారు. 72 గంటల్లోపు మొదలుపెట్టి 28 రోజులు రోజూ వేసుకోవాలి.

కిట్టు: 72 అంటే ఆఖరి అంచు అక్కా. 'ఇంకా రెండు రోజులుందిగా, ఆదివారం పోయాక వెళ్దాం' అనుకునే గడువు కాదది. వైరస్ మొదట లోపలికి దిగిన చోట ఉండే కణాల్లో చేరుతుంది, అక్కణ్నుంచి లింఫు గ్రంథుల్లోకి, అక్కణ్నుంచి ఒళ్లంతా. ఒకసారి కణంలో డీఎన్‌ఏతో కలిసిపోయిందంటే దాన్ని బయటికి లాగే మందు లేదు. అది స్థిరపడే లోపల మందు రక్తంలో ఉండాలి. అందుకే ప్రతి గంటా లెక్కే. అందుకే నేను చెప్పేది, తేదీ రాసుకోండి. గంటతో సహా.

వసంత: మొదలైంది.

కిట్టు: నవ్వుతావేంటి? 'ఎప్పుడు జరిగింది' అని డాక్టరు అడిగితే 'మొన్న... కాదు, అటుమొన్న రాత్రి' అంటారు జనం. అటుమొన్న రాత్రి తొమ్మిదా, తెల్లారగట్ల మూడా? ఆ ఆరు గంటల్లోనే మందు వస్తుందో రాదో తేలిపోవచ్చు. తర్వాత టెస్టు రోజులు కూడా ఆ తేదీ నుంచే లెక్కపెడతారు. ఫోన్లో రాసుకోండి. ఒక్క లైను చాలు.

వసంత: రాసుకుంటారు నాన్నా. పెప్‌లో ఇప్పుడు ఎక్కువగా ఇచ్చేవి టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్. గ్యాస్ కోసం యాంటాసిడ్లు, ఐరన్, కాల్షియం మాత్రలు వాడేవాళ్లు ఆ సంగతి డాక్టరుకి ముందే చెప్పండి. డోలుటెగ్రావిర్‌తో కలిపి మింగితే అది ఒంటికి సరిగ్గా పట్టదు. హెపటైటిస్ బి ఉన్నవాళ్లూ చెప్పాలి. ఆ మందుల్లో రెండు దాని మీద కూడా పనిచేస్తాయి కాబట్టి చూసుకోకుండా ఆపేస్తే కాలేయం తిరగబడొచ్చు. సరే, ఇక టెస్టు...

కిట్టు: ఆగు. టెస్టు దాకా వెళ్లే ముందు ప్రమాదం ఎంతో చెప్పాలి కదా. అందరూ ముందు అడిగేది అదే. 'నాకు వచ్చే అవకాశం ఎంత?'

వసంత: చెప్పొద్దు.

కిట్టు: ఎందుకు చెప్పొద్దు? అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ అంచనాలున్నాయి. అవతలి మనిషికి వైరస్ ఉంది, చికిత్స లేదు, కండోమ్ లేదు అనుకో. మలద్వారం ద్వారా కలిసినప్పుడు, స్వీకరించేవాళ్లకి పదివేల సార్లకి 138. రెండోవాళ్లకి 11. యోని ద్వారా అయితే ఆడవాళ్లకి 8, మగవాళ్లకి 4. ఒకే సూదితో మత్తుమందు ఎక్కించుకుంటే 63. ఆస్పత్రి పనిలో సూది గుచ్చుకుంటే 23. వైరస్ ఉన్న రక్తం ఎక్కిస్తే 9250. ఇవి దాచిపెట్టి మనం సాధించేదేంటి?

వసంత: చదివేశావుగా, సంతోషమా? ఇప్పుడు విను. ఒకతను ఆ 4 పట్టుకున్నాడు. పదివేలకి నాలుగేగా, మనకేం అవుతుందిలే అని ముసుగుతన్నాడు. అప్పటికే 50 గంటలైంది. నిద్ర లేచి ఇంకాస్త ఆలోచించేసరికి మందు వాకిలి మూసుకుపోయింది.

కిట్టు: ముసుగుతన్నడు. అంకె తెలిస్తే ధైర్యం వస్తుంది, ధైర్యం వస్తే కాళ్లు కదుల్తాయి. భయంతో బిగుసుకుపోయినవాడే ఇంట్లో కూర్చుంటాడు.

వసంత: ఎంతమందిని చూశావు నువ్వు? ల్యాబులో నీ దగ్గరికి వచ్చేది ట్యూబు. నా దగ్గరికి వచ్చేది మనిషి.

కిట్టు: ట్యూబు మీద పేరుంటుంది.

వసంత: కోడు నంబరుంటుంది.

కిట్టు: (నిట్టూర్పు) సరే, కోడు నంబరే. అయినా నేను చెప్పేది తప్పెలా అవుతుంది? చదువుకున్న మనిషి, తన ఒంటి గురించి అడుగుతున్నాడు. అంకె ఉంది. 'నీకెందుకులే నాన్నా' అంటే వాణ్ని చిన్నపిల్లాణ్ని చేసినట్టు కాదా?

వసంత: అసలు ఆ అంకె వాడిది కాదు కిట్టూ. అది సగటు. వైరస్ సోకిన కొత్తల్లో, మొదటి వారాల్లో, రక్తంలో అది లక్షల్లో ఉంటుంది. అప్పుడు ప్రమాదం నీ సగటు కంటే చాలా ఎక్కువ. ఆ సమయంలో అవతలి మనిషికే తనకుందని తెలీదు. ఇద్దరిలో ఒకరికి పుండ్లో, సిఫిలిస్సో ఉంటే ఇంకా పెరుగుతుంది. అదే మనిషి చికిత్సలో ఉండి వైరస్ దొరకనంత తక్కువకి పడిపోయి ఉంటే, కలయిక వల్ల అంటుకునే ప్రమాదం సున్నా. నాలుగూ కాదు, ఒకటీ కాదు. పార్టనర్ అధ్యయనం రెండో విడత 2019లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. 782 మగ జంటలు, ఒకరికి ఉంది, ఒకరికి లేదు. కండోమ్ లేకుండా 76 వేల పైచిలుకు కలయికలు. 15 మందికి కొత్తగా సోకింది కానీ, వైరస్ జన్యువులు పోల్చి చూస్తే ఒక్కటి కూడా ఇంట్లో మనిషిది కాదు. అన్నీ బయటివే.

కిట్టు: ఇదిగో! ఇదిగో! ఇప్పుడు అంకెలు ఎవరు చెప్తున్నారు?

వసంత: సున్నా వేరు.

కిట్టు: సున్నా అంకె కాదా? (నవ్వు) ఇది కట్ చెయ్యకు అక్కా, దయచేసి.

వసంత: నవ్వు, నవ్వు. ఇంకోటి కూడా చెప్తా. ఎవరో పరిచయం లేని మనిషి 'నాకు వైరస్ లేదు' అన్నారనుకో, అది మాట. చేతిలో రిపోర్టు లేదు. తెలియకపోతే తెలియదనే లెక్క. నీ పట్టికలో దానికి గడి ఉందా?

కిట్టు: లేదు. నేను రాసినవన్నీ 'అవతలి మనిషికి వైరస్ ఉంటే' అనే షరతు మీదే. లేకపోతే అసలు లెక్కే లేదు.

వసంత: మరి ఆ షరతు ఎవరు వింటారు? జనానికి అంకె గుర్తుంటుంది, షరతు గుర్తుండదు. నీ 138 విన్న పిల్లాడు నూట ముప్పై ఎనిమిది శాతం అనుకుని ఏడుస్తూ వచ్చిన రోజులున్నాయి.

కిట్టు: అది వాడికి లెక్కలు చెప్పిన మాస్టారి తప్పు.

వసంత: వెటకారాలొద్దు.

కిట్టు: వెటకారం కాదక్కా. నాకు కోపం వస్తుంది, అంతే. మనుషులకి నిజం పూర్తిగా చెప్పకుండా, వాళ్ల భయాన్ని మనం చేతిలో పెట్టుకుని, ఇంత ఇస్తాం, ఇంతే తీసుకో అనడం నాకు నచ్చదు. ఎప్పుడూ నచ్చలేదు. నీకు తెలుసు ఎందుకో.

వసంత: ...తెలుసు.

కిట్టు: సరే. వదిలేయ్.

వసంత: వదలను. నేను అంకె దాచమనట్లేదురా. వరస మార్చమంటున్నాను. ముందు నాలుగు ప్రశ్నలు. ఏ ద్రవం? రక్తమా, వీర్యమా, అంతకుముందు వచ్చే ద్రవమా, యోని ద్రవమా, మలద్వారంలో ఊరేదా? తల్లిపాలు కూడా ఈ లెక్కలోకే వస్తాయి. ఉమ్ము, చెమట, కన్నీళ్లు అంటే ఇక భయం అక్కర్లేదు. రెండోది, అది ఎక్కడ తగిలింది? లోపలి మెత్తని పొరలకా, తెరిచి ఉన్న గాయానికా, సూదితో నేరుగా లోపలికా? చెక్కుచెదరని చర్మం మీద పడితే కడుక్కుని ఇంటికి వెళ్లొచ్చు. మూడు, ఎంతసేపైంది...

కిట్టు: గంటతో సహా.

వసంత: ...గంటతో సహా, బాబూ. నాలుగు, అవతలి మనిషి సంగతి ఏం తెలుసు? ఈ నాలుగింటికీ జవాబు వస్తే పెప్ ఇవ్వాలో వద్దో డాక్టరు తేల్చేస్తారు. మొదటి మాత్ర గొంతు దిగాక నీ పదివేలూ, నీ 138, అన్నీ కూర్చుని తీరిగ్గా చెప్పు. అప్పుడు అది ధైర్యం. ముందే చెబితే కొందరికి నిద్రమాత్ర, కొందరికి ఉరితాడు.

కిట్టు: ఈ ముక్క మొదట్లోనే చెప్పొచ్చుగా.

వసంత: పావుగంట నుంచి అదే చెప్తున్నా!

కిట్టు: కాదు, నువ్వు 'చెప్పొద్దు' అన్నావు. రికార్డులో ఉంది.

వసంత: మంచినీళ్లు తాగు. మనకొక ఉత్తరం వచ్చింది. పేరు చెప్పను, ఊరు చెప్పను. జరిగిన ఆరున్నర వారాలకి ల్యాబులో రక్తం ఇచ్చారు, నాన్ రియాక్టివ్, అంటే నెగటివ్. మూడు నెలలు దాటాక మళ్లీ ఇచ్చారు, మళ్లీ నాన్ రియాక్టివ్. అయినా ఆపలేదు, చేయించుకుంటూనే ఉన్నారు. 'కాస్త ఒళ్లు వెచ్చబడితే మెడ కింద గడ్డలున్నాయేమోనని రాత్రంతా తడుముకుంటున్నాను' అని రాశారు.

కిట్టు: తడిమీ తడిమీ గడ్డ వస్తుంది.

వసంత: అవును. వైరస్ సోకిన రెండు నుంచి నాలుగు వారాల మధ్య కొందరికి జ్వరం, గొంతునొప్పి, దద్దుర్లు, గ్రంథుల వాపు వస్తాయి. కానీ అవే లక్షణాలు మామూలు ఫ్లూలోనూ వస్తాయి. కొందరికి అసలేమీ రావు. అందుకని ఒంట్లో కనిపించేదాన్ని బట్టి ఉందనీ చెప్పలేం, లేదనీ చెప్పలేం. చెప్పగలిగింది టెస్టు ఒక్కటే, అది వీళ్లకి చెప్పేసింది. మూడు నెలలు దాటాక వచ్చిన నెగటివ్, మధ్యలో కొత్తగా ఏమీ జరక్కపోతే, నెగటివే.

కిట్టు: మరి ఇలాంటివాళ్లు నీ గదిలో కూర్చుంటే ఏం చేస్తావు? ఇంకో టెస్టు రాసివ్వవుగా?

వసంత: రాయను. ఆ రాత్రి గురించి అడుగుతాను. ఎక్కువసార్లు వైరస్ ఊసే రాదు. ఇంట్లో మనిషికి చెప్పకుండా దాచిన బాధో, చేసిన పని మీద సిగ్గో బయటికొస్తుంది. కొంతమందికి మానసిక వైద్యుడి దగ్గరికి దారి చూపిస్తాను. కోపగించుకునేవాళ్లూ ఉన్నారు, నాకు పిచ్చా అని.

కిట్టు: (కొంతసేపు మౌనం) నేను ల్యాబులో ఉన్నప్పుడు ఇవన్నీ అనుకోలేదు. నెగటివ్ అని ప్రింటు తీస్తే వాళ్ల కథ సుఖాంతం అనుకునేవాణ్ని.

వసంత: ఉత్తరం రాసినవాళ్లకి, మీరు మళ్లీ రాయండి. టెస్టు రిపోర్టు పంపకండి. మిగతాది రాయండి.

కిట్టు: టైమెంతైంది?

వసంత: అయ్యో. టెస్టులు! అసలు విషయమే మిగిలిపోయింది. గబగబా చెప్పు.

కిట్టు: గబగబానే చెప్తా. వైరస్‌ని నేరుగా వెతికేది నాట్. 10 నుంచి 33 రోజుల్లో పట్టుకోగలదు. చేతి నరం నుంచి రక్తం తీసి ల్యాబులో చేసే ఫోర్త్ జనరేషన్ టెస్టు, అంటే పీ24 యాంటిజెన్ అనే వైరస్ ప్రోటీన్‌నీ, దాని మీద మన ఒళ్లు తయారుచేసే యాంటీబాడీలనీ కలిపి చూసేది, 18 నుంచి 45 రోజుల్లో. వేలి చుక్కతో చేసే ర్యాపిడ్ టెస్టులకీ, యాంటీబాడీలు మాత్రమే చూసే వాటికీ 90 రోజులు ఆగితేనే తేలినట్టు. అంతకంటే ముందు వచ్చిన నెగటివ్, విత్తనం వేసిన మర్నాడే తవ్వి మొలక లేదన్నట్టు.

వసంత: అలాగని మొదటి రోజు టెస్టు వృథా అనుకోవద్దు. అప్పటికే ఉందేమో తెలుసుకోవడానికి పెప్‌కి ముందు తప్పకుండా చేస్తారు.

కిట్టు: కానీ ఆ రిపోర్టు కోసం మందు ఆపరు. పెప్ వాడినవాళ్లకి జరిగిన తేదీ నుంచి లెక్కపెట్టి నాలుగు నుంచి ఆరు వారాలకి ఒకసారి, 12 వారాలకి ఇంకోసారి. మందు వల్ల యాంటీబాడీలు ఆలస్యంగా పుట్టొచ్చు కాబట్టి ఆ రెండోది మానకూడదు. ఇక రియాక్టివ్, అంటే వైరస్ ఉండొచ్చు అని వస్తే అదే తీర్పు కాదు, ఇంకో రకం టెస్టుతో ఖరారు చేస్తారు. ఎందుకో లెక్క చెప్పనా? పదివేల మందిని పరీక్షించాం, అందులో పదిమందికే ఉంది అనుకుందాం. టెస్టు 99.5 శాతం సరిగ్గా...

వసంత: లెక్కలు చాలు.

కిట్టు: ఒక్కటి! లేనివాళ్లని 99.5 శాతం సరిగ్గా లేదంటుంది. అంటే లేనివాళ్లలో కూడా దాదాపు 50 మందికి తప్పుగా రియాక్టివ్ వస్తుంది. నిజంగా ఉన్నది పదిమందికే. అందుకే రెండో టెస్టు. ఇది చెబితే భయం తగ్గదా అక్కా?

వసంత: ...ఇది చెప్పొచ్చు.

కిట్టు: ఆహా!

వసంత: ఎగరకు. ఇంకా రెండున్నాయి. రిపోర్టు తేలేదాకా కండోమ్ వాడండి. ఇంట్లో వాళ్లతోనూ. టెస్టు ఊరికే అయిపోతుందని రక్తదానానికి మాత్రం వెళ్లొద్దు. కొత్తగా సోకిన రక్తం ఏ టెస్టుకీ దొరకని రోజులు కొన్ని ఉంటాయి. ఆ రోజుల్లో ఇస్తే ఇంకొకళ్ల ఒంట్లోకి వెళ్తుంది.

కిట్టు: అదే పట్టికలో ఆ 9250.

వసంత: హెపటైటిస్ బి, సి, సిఫిలిస్ కూడా అదే రోజు చూపించుకోండి. గర్భం భయం ఉంటే అదీ అడగండి, దానికీ గంటల లెక్కే.

కిట్టు: చూశావా, దానికీ గంటలే! నేనేమన్నాను? తేదీ...

వసంత: కిట్టూ, మెమరీ నిండిపోయిందని చూపిస్తోంది.

కిట్టు: ఇంట్లో చేసుకునే కిట్లు మిగిలిపోయాయి. చిగుళ్ల దగ్గర తుడిచి చూసేవి. అవి కూడా 90 రోజుల కోవలోకే వస్తాయి, పైగా వాటిలో...

వసంత: వచ్చేసారి. మెట్లు కూడా వచ్చేసారి.

కిట్టు: మెట్లా? మెట్లు మనం వదిలేస్తామని మాటిచ్చాం కదా, నువ్వే...