అపాత్రదానం భయం: పత్తి కరువులో మాంచెస్టర్

తమ్ముడు: అందరికీ నమస్కారం. ఈ వారం మా అక్క ఫోన్‌లో ఉంది, ఇంగ్లండ్‌లో మాంచెస్టర్ పక్కనున్న ఓల్డ్‌హామ్ నుంచి. పోయిన ఆదివారం పార్కులో నడుస్తూ నాకు వీడియో కాల్ చేసి, "ఇది ఎవరు కట్టారో తెలుసా?" అని అడిగింది. ఎవరక్కా?

అక్క: పని పోయిన మిల్లు కూలీలు రా. అలెగ్జాండ్రా పార్కు అంటారు, 1865లో తెరిచారు. అప్పటికి నాలుగేళ్లుగా ఈ చుట్టుపక్కల ఊళ్లన్నీ ఆకలితో ఉన్నాయి. అమెరికాలో 1861లో అంతర్యుద్ధం మొదలైంది. దక్షిణాది రేవులను ఉత్తరాది ఓడలు దిగ్బంధం చేశాయి. ఈ ప్రాంతాన్ని లాంకషైర్ అనేవారు. ఇక్కడి మిల్లులకు వచ్చే పత్తిలో నాలుగింట మూడు వంతులకు పైగా అమెరికాదే. పత్తి రాకపోతే మగ్గం ఆగుతుంది. రెక్కాడితే గాని డొక్కాడని వాళ్లకు మగ్గం ఆగితే ఇంకేముంది?

తమ్ముడు: ఎంతమంది?

అక్క: 1862 డిసెంబరు నాటికి సుమారు 5 లక్షల మంది ఏదో ఒక సాయం మీద బతికారు. ముందు దాచుకున్నది తిన్నారు. తర్వాత మంచాలు, దుప్పట్లు తాకట్టు పెట్టారు. నాకు బాధనిపించే సంగతి ఏంటంటే, వీళ్లు దాచుకోవడం తెలియని వాళ్లు కాదు. ఆడ్‌ఫెలోస్ అని ఒక సంఘం ఉంది, దాని మాంచెస్టర్ యూనిటీ అనే శాఖ 1810లో మొదలైంది. వారం వారం కొన్ని పెన్నీలు కడితే జబ్బు చేసినప్పుడు భత్యం, పోయినప్పుడు ఖర్చులకు డబ్బు. పక్కనే రాచ్‌డేల్‌లో 28 మంది కలిసి 1844లో టోడ్ లేన్‌లో సహకార దుకాణం తెరిచారు.

తమ్ముడు: మన డ్వాక్రా సంఘాల్లాగా.

అక్క: దగ్గరగా అలాంటిదే. ఎవరి ముందూ చేయి చాచకుండా బతకాలన్నది వాళ్ల పట్టుదల. అలాంటి వాళ్లు సర్కారు పేదల చట్టం కింద సాయానికి వెళ్తే, మగవాళ్లను రాళ్లు కొట్టమన్నారు. సన్నటి నూలు పోగులు అతికి అతికి మెత్తబడ్డ వేళ్లు అవి.

తమ్ముడు: రాళ్లెందుకు?

అక్క: నిజంగా అవసరం ఉన్నవాడే వస్తాడని. పరీక్ష అన్నమాట. అందుకే చాలామంది దాతల సంఘాల వైపు చూశారు. కానీ అక్కడా పరీక్షే. మాంచెస్టర్, పక్కనున్న సాల్‌ఫర్డ్‌ల డిస్ట్రిక్ట్ ప్రావిడెంట్ సొసైటీ అని 1833లో పెట్టారు. జేమ్స్ కే అనే డాక్టరు, విలియం లాంగ్‌టన్ అనే బ్యాంకు ఉద్యోగి దానికి మూలం. కే అంతకుముందు ఏడాదే కలరా రోజుల్లో మిల్లు పేటలు తిరిగి, అక్కడి బతుకుల మీద పుస్తకం రాశాడు. కాబట్టి పేదరికం తెలియని మనిషి కాదు.

తమ్ముడు: మరి ఆ సొసైటీ ఏం చేసేది?

అక్క: దాని మనుషులు ఇంటింటికీ వెళ్లి పొదుపు పెన్నీలు వసూలు చేసేవారు. జబ్బు చేసినవాళ్లకు అప్పుడప్పుడూ సాయం. ఇంకో పని, బిచ్చమెత్తడాన్నీ మోసాన్నీ అణచడం. ఇది దాని ఆశయాల్లోనే ఉంది. మనవాళ్లు అపాత్రదానం అంటారు చూడు, ఆ భయం. ఇచ్చేది తప్పుడు మనిషికి చేరిపోతుందేమో అని. అందుకే ఇంట్లోకి వచ్చి ఎంతమంది ఉన్నారు, ఎంత వస్తోంది, తాగుతారా అని అడిగి రాసుకోవాలి. పత్తి కరువులో మాంచెస్టర్‌లో సాయం పంచే పనిలో ఈ సొసైటీ కూడా ఉంది.

తమ్ముడు: కానీ అక్కా, చందా ఇచ్చినవాళ్లకు లెక్క చెప్పొద్దా?

అక్క: చెప్పాలి. నేనూ చందాలు ఇస్తాను కదా, లెక్క అడుగుతాను. ఆ రోజుల్లో డబ్బు కూడా ఎక్కడెక్కడి నుంచో వచ్చింది. లండన్ మేయర్ నిధి పెట్టాడు, మాంచెస్టర్‌లో కేంద్ర కమిటీ పనిచేసింది. మన దేశం నుంచి కూడా చందాలు వెళ్లాయి.

తమ్ముడు: మన దగ్గర్నుంచా? వాళ్ల మిల్లు బట్ట వచ్చే కదా మన నేతగాళ్లు దెబ్బతిన్నది!

అక్క: అవును. ఆ ఏళ్లలోనే మన పత్తి ఇటు ఎగుమతైపోయి, ధర పెరిగి, మద్రాసు ప్రెసిడెన్సీలో నేతవాళ్లకు నూలు అందకుండా పోయింది. ఇటు లాంకషైర్‌లో మన పత్తిని సూరత్ అనేవాళ్లు. పొట్టి పింజ, పోగు ఊరికే తెగేది. ఆ పత్తి మీద పనిచేస్తే కూలి పడిపోయేది. రెండు వైపులా మగ్గం ముందు కూర్చున్నవాళ్లే నలిగారు.

తమ్ముడు: రికార్డింగ్ మొదలుపెట్టే ముందు ఏవో టికెట్ల గొడవ అన్నావు.

అక్క: స్టేలీబ్రిడ్జ్, మాంచెస్టర్ దగ్గరి మిల్లు ఊరు. 1863 మార్చి. అక్కడ సాయం తీసుకునే మగవాళ్లు బడికి వెళ్లి చదవడం, రాయడం నేర్చుకోవాలి. ఆడపిల్లలకు కుట్టు బడులు. నిజం చెప్పాలంటే ఇది మంచి ఏర్పాటే, రాళ్లు కొట్టడం కన్నా ఎంతో నయం. అయితే అక్కడి సాయం కమిటీ ఒకరోజు, సాయం తగ్గిస్తాం, ఇకమీదట డబ్బు కాదు, కిరాణా కొట్లో చెల్లే టికెట్లు ఇస్తాం అంది. అంతే. జనం వీధిలోకి వచ్చారు, అద్దాలు పగిలాయి, కమిటీ బట్టల గోదాము, కొట్లు దోచారు, గుర్రపు దళం దిగింది.

తమ్ముడు: తగ్గించినందుకు కోపమా, టికెట్లకా?

అక్క: రెండూ. టికెట్ అంటే అర్థం, నీ చేతికి రూపాయి ఇస్తే నువ్వు పాడు చేస్తావు అని. రెండేళ్లు ఓర్చుకున్న జనానికి ఆ మాట తగిలింది. మాంచెస్టర్‌లో 1862 చివరి రోజున సభ పెట్టి, ఈ యుద్ధంలో బానిసత్వానికి వ్యతిరేకంగా మేము మీ వైపే అని ఉత్తరాదిని నడిపిన అధ్యక్షుడు లింకన్‌కు ఉత్తరం రాసింది కూలీలే. వాళ్లందరి మాటా అదే అని కాదు. కానీ ఆకలితో ఉండి ఆ సభకు వచ్చినవాళ్లు ఉన్నారు. లింకన్ జనవరిలో జవాబు రాశాడు. ఫిబ్రవరిలో జార్జ్ గ్రిస్వోల్డ్ అనే ఓడ అమెరికా నుంచి పిండి పీపాలతో లివర్‌పూల్ చేరింది. అలాంటి మనుషులకు ఇంకా పరీక్షలేంటి?

తమ్ముడు: పార్కు ఎప్పుడు వచ్చింది మరి?

అక్క: ఆ గొడవ జరిగిన ఏడాదే ప్రభుత్వం చట్టం చేసింది. ఊళ్లకు అప్పు ఇస్తాం, కాలువలు, రోడ్లు, పార్కులు కట్టించి కూలి ఇవ్వండి అని. నేను నడిచే దారి అలా పడింది.

తమ్ముడు: నాకు 2020 గుర్తొస్తోంది. మన వీధి చివర బియ్యం కిట్లు పంచారు. పంచిన సంస్థ పేరు చెప్పను, అప్పుడు దానికి నువ్వూ డబ్బు పంపావు. ఒక్కొక్కరినీ నిలబెట్టి ఫొటో తీశారు, మాస్కు కిందికి లాగమని మరీ. ఇడ్లీ బండి పిన్ని వరుసలో గంట నిలబడి, కెమెరా చూసి వెనక్కి వచ్చేసింది. నేను వరుస సర్దుతున్నాను. ఆమెను ఆపలేదు, ఫొటో వద్దని వాళ్లకూ చెప్పలేదు.

అక్క: ఆ ఫొటోలు నాకు వచ్చాయి రా. లెక్క అడిగింది నేనే కదా. బాగా పంచారు అని జవాబు కూడా పెట్టాను. రాత్రి నువ్వు ఫోన్ చేసి చెప్పేదాకా తెలియలేదు.

తమ్ముడు: మర్నాడు నువ్వు పంపిన రెండు వేలు ఆమె ఫోన్‌కే వేశాను. ఏం కొన్నదో అడగలేదు.

అక్క: బండి మళ్లీ పెడుతోందా?

తమ్ముడు: పెడుతోంది, అదే మలుపులో. ఎనిమిదిన్నర దాటి వెళ్తే ఇడ్లీలు దొరకవు.