అంచుకు బరువుంటుంది

(జాతీయ చేనేత దినోత్సవం నాడు నెల్లూరులో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లు ఇప్పటికే రెండుసార్లు చదివారు. మళ్ళీ చదవనందుకు వాళ్ళు ఏమీ అనుకోరని నమ్ముతున్నాను.

నన్ను పిలిచినప్పుడు యానిమేషన్ రంగంలో ఉద్యోగాల గురించి మాట్లాడమన్నారు. రాసుకొచ్చాను కూడా. కానీ లోపలికి వస్తుంటే ముందు వరసలో మగ్గం మీద కూర్చునేవాళ్ళు కనబడ్డారు. చేతులు చూస్తే తెలిసిపోతుంది. ఈ రోజు ఆగస్టు 7, వాళ్ళ రోజు. ఉద్యోగాల సంగతి చివర్లో టైముంటే చెబుతాను. ముందు ఒక గుడ్డ సంగతి చెప్పాలి.

మాది వెంకటగిరి. 2022లో మా ఊరిని తిరుపతి జిల్లాలో కలిపారు. జిల్లా ఏదైనా, నెల్లూరు బస్టాండులో దిగితే నాకు ఇంటికొచ్చినట్టే ఉంటుంది. మా నాయన గుంట మగ్గం మీద ముప్పై ఏళ్ళు నేశాడు. చూపు తగ్గాక మగ్గం దిగాడు. నేను హైదరాబాదులో కంప్యూటరు బొమ్మలకు బట్టలు కడతాను. పన్నెండేళ్ళుగా అదే పని.

కంప్యూటరులో గుడ్డ ఎట్టా తయారవుతుందో పిల్లలకంటే నేతగాళ్ళకే తొందరగా అర్థమవుతుంది. ఒక వల అనుకోండి. ముడి ఉన్న ప్రతి చోటా ఒక చుక్క. ప్రతి చుక్కకూ కొంచెం బరువు. చుక్కకూ చుక్కకూ మధ్య ఒక స్ప్రింగు. పడుగు వైపు, పేక వైపు, అంటే నిలువునా అడ్డంగా ఉన్న స్ప్రింగులు గుడ్డను సాగకుండా పట్టుకుంటాయి. మూల నుంచి మూలకు వేసినవి ఓరగా మరీ జారిపోకుండా చూస్తాయి. ఒక చుక్క వదిలి ఆ తర్వాతి చుక్కకు వేసినవి ఎంత వంగాలో చెబుతాయి. ఇక భూమి కిందికి లాగుతుంది, ఒంటికి తగిలిన చోట గుడ్డ ఆగుతుంది. సెకనుకు 24 బొమ్మలు వేస్తే, ఒక బొమ్మకూ తర్వాతి బొమ్మకూ మధ్యలోనే ఈ లెక్కంతా అయిదుసార్లో పదిసార్లో తిరగాలి.

1987లో టెర్జోపౌలోస్ అనే శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్ళు ఇట్టాంటి వంగే, సాగే వస్తువుల లెక్కను గ్రాఫిక్స్‌లోకి తెచ్చారు. 1998లో బరాఫ్, విట్కిన్ అనే ఇద్దరు మరో దారి చూపించారు. అప్పటిదాకా కాలాన్ని చాలా చిన్న ముక్కలుగా కోసి లెక్క కట్టకపోతే స్ప్రింగులు తెగ ఊగి, గుడ్డ తెర మీద చిందరవందరై పోయేది. పెద్ద అడుగులు వేసినా చెదిరిపోని లెక్క వాళ్ళు ఇచ్చారు. ఇప్పుడు మీ ల్యాప్‌టాపులో చొక్కా నిజంగా ఊగుతోందంటే ఇట్టాంటివాళ్ళ కష్టం ఉంది అందులో.

చొక్కా అన్నాను, చీర అనలేదు. నా బాధ అక్కడే ఉంది.

కంప్యూటరులో బట్టలు కుట్టే మార్వెలస్ డిజైనర్ అనేది తెరిస్తే, అది దర్జీ లెక్కన ఆలోచిస్తుంది. ముక్కలు గీయి, బొమ్మ చుట్టూ పెట్టు, కుట్టు. చాలా గొప్ప సాఫ్ట్‌వేర్, నాకు అన్నం పెడుతున్నది అదే. కానీ మన చీరకు కుట్టు లేదు. అయిదున్నర మీటర్ల గుడ్డ ఒంటి మీద నిలబడేది రాపిడితోనూ, నడుము దగ్గర దోపుడుతోనూ, దాని బరువుతోనే. చుక్కకూ చుక్కకూ మధ్య 20 మిల్లీమీటర్ల దూరం పెడితే చీర మొత్తానికి పదహారు వేల పైచిలుకు చుక్కలు వస్తాయి. పని తొందరగా నడుస్తుంది, కానీ కుచ్చిళ్ళు పరుపు మడతల్లాగా ఉబ్బుతాయి. 5 మిల్లీమీటర్లకు తెస్తే 2,64,000 చుక్కలు. పదహారు రెట్లు.

దానికి తోడు పొర మీద పొర. ఏడు కుచ్చిళ్ళంటే పద్నాలుగు పొరలు. ఒక పొరలోంచి ఇంకో పొర దూరిపోకుండా సాఫ్ట్‌వేర్ మధ్యలో ఖాళీ ఉంచుతుంది. బ్లెండర్ అని బొమ్మలు చేసే ఇంకో సాఫ్ట్‌వేర్ ఉంది, అందులో మనం మార్చకపోతే ఆ ఖాళీ ఒకటిన్నర సెంటీమీటర్లు. పద్నాలుగు పొరలకు లెక్క వేసుకోండి, పొట్ట ముందు దాదాపు జానెడు మందం! దాన్ని తగ్గించాలి, తగ్గిస్తే చుక్కలు పెంచాలి, పెంచితే మిషను మూలుగుతుంది. అందుకే చాలామంది చీర దగ్గరికి వచ్చేసరికి చేతులెత్తేస్తారు.

నేనూ ఎత్తేశాను. అది చెప్పడానికే వచ్చాననుకోండి.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. ఒక స్టూడియోలో పల్లెటూరి ముసలమ్మ బొమ్మ. వారంలో ఇవ్వాలి. మా పైఆయన, "చీరెందుకు, కింద లంగాలాగా కుట్టెయ్, పైన ఒక గుడ్డ అతికించు, జరీ రంగు పుయ్యి, ఎవరు చూస్తారు?" అన్నాడు. చేశాను. తెర మీద బాగానే ఉందనుకున్నాను. పండక్కి ఇంటికొచ్చి అమ్మకూ నాయనకూ గొప్పగా చూపించాను.

అమ్మ కాసేపు చూసి, "ఏందమ్మణ్ణీ ఇది? ఈమె చీర కట్టుకోలేదే. చీర రంగు పూసిన లంగా తొడుక్కుంది," అంది.

నాయన తెరకు బాగా దగ్గరగా వచ్చాడు. చూపు ఆనదు గదా. "అంచు ఏదీ?" అన్నాడు.

"ఉంది గదా నాయనా, ఇదిగో జరీ."

"రంగుంది. అంచు లేదు. అంచుకు బరువుంటుంది గదమ్మా. ఇది గాల్లో తేలతా ఉంది."

అంతే అన్నాడు. పోయి మంచం మీద కూర్చున్నాడు. ముప్పై ఏళ్ళు ఆ అంచును పోగు పోగుగా నేసిన మనిషికి నేను పసుపు రంగు చూపించి అంచు అన్నాను. ఆ రాత్రి నాకు అన్నం దిగలేదు.

తెల్లారి లీవు పొడిగించుకుని అమ్మను అడిగాను, చీర కట్టుకుని చూపించమని. కట్టుకోవడం నాకూ వచ్చు. కానీ చేతులు ఏం చేస్తున్నాయో ఎప్పుడూ చూసుకోలేదు. ఫోను కిటికీలో పెట్టి రికార్డు చేశాను. లంగా బొందు ఎంత బిగించాలో అక్కడ మొదలు. కుడి నడుము దగ్గర మొదటి దోపుడు. ఒక చుట్టు. తర్వాత కుచ్చిళ్ళు పోస్తుందనుకున్నాను, పొయ్యలేదు. ముందు కొంగు పొడవు చూసుకుని భుజం మీద వేసింది. మిగిలిన వదులును అప్పుడు కుచ్చిళ్ళు పోసింది. మేం స్టూడియోలో ఇది తలకిందులుగా చేసేవాళ్ళం, అందుకే కొంగు ఎప్పుడూ ఎక్కువో తక్కువో అయ్యేది.

ఇంకో సంగతి ఆ వీడియో నాలుగోసారి చూస్తే గానీ దొరకలేదు. పైన వేళ్ళతో కుచ్చిళ్ళు సర్దుతున్నంతసేపూ అమ్మ కింద అంచును కాలి బొటనవేలితో తొక్కి పట్టింది. ఆ వేలు తీశాకే కుచ్చిళ్ళు నిట్టనిలువుగా పడ్డాయి. అమ్మను అడిగితే తొక్కినట్టు తనకే తెలియదంది.

హైదరాబాదు పోయి అదే చేశాను. కింది అంచు చుక్కల్ని కొన్ని ఫ్రేముల పాటు నేలకు బిగించి, పైన కుచ్చిళ్ళు దోపి, తర్వాత వదిలాను. అంచు వరసలోని చుక్కలకు బరువు పెంచాను. అక్కడ వంపు గట్టిగా ఉండేట్టు వెయిట్ పెయింట్ చేశాను, అంటే ఎక్కడ ఎంత గట్టిగా ఉండాలో గుడ్డ మీద రంగు పూసి కంప్యూటరుకు చెప్పాను. ఆడవాళ్ళందరికీ తెలుసు, చీర కొన్నాక ఫాల్ ఎందుకు కుట్టిస్తాం? కుచ్చిళ్ళు కిందికి దిగాలని. ఆ ఫాల్ గుడ్డ బరువు కూడా కలిపాను. మొదటిసారి బొమ్మ అడుగు వేస్తే కుచ్చిళ్ళు విసనకర్రలాగా విచ్చుకుని మళ్ళీ మూసుకున్నాయి. నాయనకు వీడియో పంపాను. ఫోను చేసి, "ఇప్పుడు నడుస్తా ఉంది," అన్నాడు.

ఇందాక టీ దగ్గర ఒంగోలు నుంచి వచ్చిన అబ్బాయి ఒకతను అడిగాడు, గిత్త బొమ్మ చేస్తున్నాడట, గంగడోలు చెక్కలాగా ఊగుతోందట. ఎక్కడున్నావు నాయనా? ఆ, అక్కడ. నీ గిత్తకూ ఇదే మందు. గంగడోలు కూడా మడతలు పడే ఒక పొరే. మెడ వెంట ఉన్న చుక్కలు బిగించు, కింది అంచుకు బరువు పెంచు, మెడ దగ్గర గట్టిగానూ కిందికి పోయేకొద్దీ మెత్తగానూ చెయ్యి. ఒంగోలు జాతి బ్రెజిల్ పోయి అక్కడ 'నెలోర్' అనే పేరుతో మందలు మందలుగా పెరిగింది, మన నెల్లూరు పేరే అది. ఆ గంగడోలు ఊగే తీరు ఇక్కడి పిల్లాడే సరిగ్గా చెయ్యాలి. వదలొద్దు.

మళ్ళీ గుడ్డకు వస్తాను. ఆ ఫ్యాను ఒక్క నిమిషం ఆపండి బాబూ.

ఇది వెంకటగిరి నూలు ముక్క, నూరో నంబరు. నూరో నంబరంటే ఏమిటో పిల్లలకు చెబుతాను. ఒక పౌను నూలు, అంటే 454 గ్రాములు, విప్పితే 84,000 గజాలు. ఒక కొన ఇక్కడ పట్టుకుని ఉత్తరంగా లాక్కుంటూ పోతే కావలి దాటిపోతుంది. అంత సన్నం. ఇది బల్ల అంచు మీద నుంచి ఎట్టా వాలిందో చూడండి. ఇప్పుడు ఇది మామూలు లుంగీ గుడ్డ. చూశారా, ఎంత దూరం పోయి గానీ వంగలేదు. రెండూ నూలే. బ్లెండర్‌లో గుడ్డల పట్టీ తీస్తే అయిదు పేర్లుంటాయి. కాటన్, డెనిమ్, లెదర్, రబ్బర్, సిల్క్. కాటన్ అనే ఆ ఒక్క పేరులో మా నాయన నేసిందీ లుంగీ గుడ్డా రెండూ ఉండాలట. ఎట్టా కుదురుతుంది?

గుడ్డ ఇట్టా వాలడాన్ని కొలిచే పద్ధతి 1930లో వచ్చింది. పియర్స్ అనే ఆయన మాంచెస్టర్‌లో పత్తి పరిశోధన సంస్థలో ఉండి రాశాడు. గుడ్డ ముక్కను బల్ల మీద నుంచి బయటికి జరుపుతూ పోవాలి. దాని కొన 41.5 డిగ్రీల గీతను తాకిన చోట ఆపాలి. బయటికొచ్చిన పొడవులో సగం దాని వంపు పొడవు. ఆ పొడవును ఘనం చేసి గుడ్డ బరువుతో గుణిస్తే బిగువు వస్తుంది. అంటే రెట్టింపు దూరం పోయి వాలితే, అదే బరువున్న గుడ్డ ఎనిమిది రెట్లు బిగువన్నమాట. మా అవ్వ ముంజేతి మీద గుడ్డ వేసుకుని చెప్పేది కూడా ఇదే, కాకపోతే అంకెల్లో రాయలేదు.

మాంచెస్టర్ అనే మాట ఈ రోజు ఊరికే తేలేదు. 1905 ఆగస్టు 7న కలకత్తా టౌన్ హాలులో స్వదేశీ ఉద్యమం మొదలుపెట్టి, బహిష్కరిద్దామన్నది వాళ్ళ గుడ్డనే. అందుకే 2015 నుంచి ఇదే తేదీన చేనేత దినం జరుపుతున్నారు. మాంచెస్టర్ వాళ్ళు తమ గుడ్డను కొలుచుకున్నారు. మన గుడ్డను మనం అట్టా కొలిచి రాసిపెట్టుకున్నట్టు నాకు కనబడలేదు. నాకు ఇదొక్కటే గొంతులో అడ్డం పడుతోంది. జాందానీ బుటా, అదే నేతలోనే వేసే పువ్వు, ఉన్నచోట ఎంత బిగువు, లేనిచోట ఎంత? జరీ అంచు చదరపు మీటరుకు ఎన్ని గ్రాములు? గంజి మీద ఎంత, ఒక ఉతుకు తర్వాత ఎంత? కొత్త చీర ఉబ్బి నిలబడుతుంది, నాలుగు ఉతుకులయ్యాక ఒంటికి అతుక్కుంటుంది. రెండూ ఒకే చీర, కానీ కంప్యూటరుకు రెండు గుడ్డలు. బొమ్మ చేసే పిల్లలు ఈ అంకెలు ఎక్కడ వెతుక్కోవాలి? నేను చాలాకాలం కళ్ళతో చూసి ఊహించి పెట్టాను.

కోట్లు అక్కర్లేదు దీనికి. స్కేలు, కోణమాని, బంగారం తూచే కాటా. పది సెంటీమీటర్ల చదరం ముక్క తూచి నూరుతో గుణిస్తే చదరపు మీటరు బరువు వచ్చేస్తుంది. అంగుళం వెడల్పు పట్టీలు మూడు, ఒకటి పడుగు వైపు, ఒకటి పేక వైపు, ఒకటి దర్జీలు క్రాస్ అంటారే, అట్టా ఓరగా. చీర కొయ్యమని ఎవరినీ అడగను, ఆ పాపం నాకొద్దు. పడుగు చివర మిగిలే ముక్క ఇస్తే చాలు. ముక్క పక్కన ఊరు పేరు, నూలు నంబరు రాద్దాం. నేసినవాళ్ళు ఇష్టపడితే వాళ్ళ పేరు కూడా. కొలిచిన అంకెలు ఎవరు అడిగినా ఉచితంగా ఇద్దాం.

ఉద్యోగాల గురించి రాసుకొచ్చిన కాగితాలు నిర్వాహకులకు ఇచ్చి పోతాను, కావలసినవాళ్ళు తీసుకోండి. టైమైపోయిందని చీటీ వచ్చింది. అదిగో, ద్వారం పక్కన బల్ల మీద కాటా, స్కేలు పెట్టాను. పాటూరు నుంచి ఎవరైనా వచ్చారా? మీరా అమ్మా? సంచిలో ముక్క ఉందన్నారు గదా, రండి, ముందు మీదే తూద్దాం. ఒంగోలు అబ్బాయీ, నువ్వు కూడా రా, అంకెలు రాసుకోవడానికి ఒకరు కావాలి.