ముఖాన్ని కొండలా, రాయిని ముఖంలా

అందరికీ నమస్కారం. ముందే చెప్పేస్తున్నా, నేను ఫోటోగ్రఫీ పాఠాలు చెప్పే మనిషిని కాదు. కెమెరా భుజాన వేసుకుని తిరిగే పిచ్చి ఒకటుంది అంతే, కాబట్టి లెన్సుల గురించి డౌట్లుంటే ముందు వరసలో కూర్చున్న పెద్దవాళ్లని అడగండి. నాకిచ్చిన ఈ కాస్త టైంలో ఒక్క మనిషి గురించే మాట్లాడతాను, ఎడ్వర్డ్ వెస్టన్. అమెరికన్, 1886లో పుట్టి 1958లో పోయాడు. ఎందుకు ఈయనే అంటే, పోర్ట్రెయిట్ బాగా తీసేవాళ్లున్నారు, ల్యాండ్‌స్కేప్ బాగా తీసేవాళ్లున్నారు, కానీ ఈ రెండూ వేరు వేరు పనులు కావేమో అని నాకు అనుమానం పుట్టించింది మాత్రం ఈయనే.

మొదలు చాలా మామూలుగా ఉంటుంది. 1902లో, పదహారేళ్లప్పుడు, వాళ్ల నాన్న ఒక కోడక్ డబ్బా కెమెరా కొనిచ్చాడు. 1906లో కాలిఫోర్నియా వెళ్లి కెమెరా చంకన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి ఫోటోలు తీసి పొట్ట పోసుకున్నాడు. తర్వాత లాస్ ఏంజెలస్‌లో ఒక స్టూడియోలో రీటచింగ్ పనికి కుదిరాడు. రీటచింగ్ అంటే అప్పట్లో కంప్యూటర్ కాదు కదా, నెగటివ్ మీద సన్నటి పెన్సిల్‌తో దిద్ది, కత్తి మొనతో గీకి, ముడతలు మాయం చేయడం. 1911లో అక్కడికి దగ్గర్లోనే ఉన్న ట్రోపికోలో సొంత స్టూడియో పెట్టాక కూడా అదే గోల, వచ్చినవాళ్లకి తమ ముఖం వద్దు, ఇంకాస్త బాగున్న ముఖం కావాలి. ఆ రోజుల్లో ఈయన కూడా మెత్తగా మసకమసకగా పెయింటింగ్‌లా ఉండే ఫోటోలే తీసి బోలెడు ప్రైజులు కొట్టాడు, అవి నాకు పెద్దగా నచ్చవు, నిజం చెప్పాలి కదా.

ఇక్కడ నా గొడవ ఒకటి చెప్పుకోవాలి. మా అమ్మ ఫోటో పెద్దది చేయించి ఫ్రేమ్ కట్టిద్దామని ఒక స్టూడియోలో ఇచ్చాను. ఆయన చాలా శ్రద్ధగా పని చేశాడు, అందులో తప్పేం లేదు, కళ్ల కింద గీతలు తీసేశాడు, మెడ దగ్గర చర్మం బిగించాడు, చిన్నప్పుడు మెట్ల మీద పడితే గడ్డం మీద మిగిలిన మచ్చ కూడా తుడిచేశాడు. ఇంటికి తెచ్చి గోడకి పెట్టి చూస్తే ఎవరో బంధువులావిడ చూస్తున్నట్టుంది, మా అమ్మ కాదు. మా చెల్లి అయితే "అన్నయ్యా, ఎవర్రా ఈవిడ" అనేసింది. వెస్టన్ 1930ల్లో కాలిఫోర్నియాలోని కార్మెల్ అనే ఊళ్లో స్టూడియో నడుపుతూ రీటచ్ చేయని పోర్ట్రెయిట్లు అని బోర్డు పెట్టాడని చదివినప్పుడు నాకు ఆ మచ్చే గుర్తొచ్చింది. ముఖాలు తీసే బతకాల్సిన మనిషి, కస్టమర్ పోతే పోనీ అని ఆ బోర్డు పెట్టాడంటే ఎంత విసిగిపోయి ఉంటాడో చూడండి.

ఆ మసక నుంచి ఎలా బయటపడ్డాడు అంటే, 1922లో ఒహాయోలో ఒక స్టీల్ ఫ్యాక్టరీ పొగ గొట్టాలు తీశాడు, అక్కడ మొదలైంది అంటారు. కానీ అసలు మార్పు మెక్సికోలో. 1923లో టీనా మోడొట్టి అనే ఫోటోగ్రాఫర్‌తో కలిసి వెళ్లి 1926 దాకా ఎక్కువగా అక్కడే ఉన్నాడు. అక్కడి పోర్ట్రెయిట్లు చూడండి, దయచేసి ఫోన్‌లో కాకుండా మంచి ప్రింట్ ఉన్న పుస్తకంలో చూడండి. స్టూడియో లేదు, వెనక కర్టెన్ లేదు, నెత్తిన మండే ఎండ, చేతిలో గ్రాఫ్లెక్స్ కెమెరా. గ్వాదలూపే మారిన్ అని, మెక్సికన్ చిత్రకారుడు డియేగో రివేరా భార్య, 1924లో ఆవిడ ఫోటో తీశాడు. కింది నుంచి తీశాడు కాబట్టి తల ఆకాశంలోకి లేచినట్టుంటుంది, నోరు తెరిచి ఏదో అంటోంది, మాట మధ్యలో ఉంది, ఎండ పడ్డ చోట చర్మం మెరుస్తోంది, దవడ కింద నీడ నల్లగా దిగిపోయింది. గాల్వాన్ అని ఒకాయన తుపాకీ పేలుస్తున్న క్షణంలో తీసిన ముఖం కూడా అంతే, తుపాకీ ఫ్రేములో ఉండదు, ముఖమే ఉంటుంది, మిగతాది ఆకాశం. నాకైతే ఇవి కొండల ఫోటోల్లా అనిపిస్తాయి. పొద్దున్నే లేచి కొండ మీద వెలుగు ఎటు పడుతోందో చూసుకునేవాడి పద్ధతి అది.

అదే మెక్సికోలో 1925లో బాత్రూమ్‌లోని కమోడ్ కూడా తీశాడు, నవ్వకండి, రోజుల తరబడి దాని ముందు కూర్చుని తీశాడు, అద్భుతంగా ఉంటుంది.

సరే, క్యాప్సికం దగ్గరికి వద్దాం, అది చెప్పకపోతే మీరు ఒప్పుకోరు. 1930 ఆగస్టు. క్యాప్సికంలు తీసి తీసి కనీసం 30 నెగటివ్‌లు అయ్యాయి, అందుకే ఆ ఫోటో పేరు పెప్పర్ నంబర్ 30. నల్ల గుడ్డ మీద పెట్టాడు, తెల్ల గోడ ముందు పెట్టాడు, కుదరలేదు, చివరికి ఒక రేకు గరాటుని అడ్డంగా పడుకోబెట్టి దాని నోట్లో పెట్టాడు. గరాటు లోపలి రేకు మీద వెలుగు తగిలి అన్ని వైపుల నుంచీ కాయ మీదికి తిరిగొచ్చింది. వంపుల అంచుల వెంట సన్నగా ఒక మెరుపు పాకుతుంది చూడండి, అది ఆ రేకు చేసిన పనే. ఎపర్చర్, అంటే లెన్సులో వెలుగొచ్చే కన్నం, అంత చిన్నగా పెట్టాడు కాబట్టి ఎక్స్‌పోజర్ నిమిషాల్లో ఉంటుంది, ఆ కాసేపట్లో ఎవరైనా గట్టిగా అడుగేస్తే పని అయిపోయినట్టే. వీపు తిప్పి కూర్చుని ముడుచుకున్న ఇద్దరు మనుషుల్లా కనిపిస్తుంది చాలామందికి, నాకూ అలాగే కనిపిస్తుంది, కానీ కాసేపు చూస్తే మళ్లీ క్యాప్సికం అయిపోతుంది. కింద ఒకచోట కుళ్లు మొదలైన మరక కూడా ఉంది. తుడిచేయలేదు.

ఆయన పద్ధతి గురించి ఒక మాట. 8 బై 10 అంగుళాల పెద్ద కెమెరా, ట్రైపాడ్, నల్ల గుడ్డ. గుడ్డలో తల దూర్చి గ్రౌండ్ గ్లాస్ మీద, అంటే కెమెరా వెనకుండే గరుకు అద్దం మీద చూస్తే అంతా తలకిందులుగా కనపడుతుంది. ఫోటోని పెద్దది చేసే ఎన్లార్జర్ వాడడు, నెగటివ్‌ని తిన్నగా కాగితం మీద పెట్టి పైన బల్బు వెలిగించి కాంటాక్ట్ ప్రింట్ తీస్తాడు, అంటే నెగటివ్ ఎంతో ఫోటో అంత. తర్వాత క్రాప్ చేద్దాంలే అనే మాటే లేదు. ఏం ఉండాలి, ఏం ఉండకూడదు, నలుపు ఎక్కడ ఎంత దిగాలి, ఇవన్నీ షట్టర్ తెరవకముందే తేల్చుకోవాలి. నేనొక చిన్న ట్రిప్పుకి వెళ్లి ఆరొందల ఫోటోలు తెచ్చి, ఇంటికొచ్చి ఏది బాగుందో తెలియక నెల రోజులు ఫోల్డర్ తెరవని మనిషిని, నాకిది చెంపదెబ్బే.

1932లో ఆన్సెల్ ఆడమ్స్, ఇమొజెన్ కన్నింగ్‌హమ్ లాంటి ఫోటోగ్రాఫర్లతో కలిసి గ్రూప్ ఎఫ్ 64 అని పెట్టారు, శాన్‌ఫ్రాన్సిస్కోలో డీ యంగ్ మ్యూజియంలో ఎగ్జిబిషన్ చేశారు, ఎఫ్ 64 అంటే దగ్గరా దూరమూ అంతా షార్ప్‌గా వచ్చే చిన్న ఎపర్చర్, పేరులోనే విషయం ఉంది.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్నది. పాయింట్ లోబోస్ అని కార్మెల్ పక్కన సముద్రం ఒడ్డు. 1929 నుంచి అక్కడికి మళ్లీ మళ్లీ వెళ్లాడు. మనం అలాంటి చోటుకి వెళ్తే ఏం చేస్తాం, వెనక్కి వెనక్కి జరిగి ఆకాశం, సముద్రం, కొండ అన్నీ పట్టిస్తాం. ఈయన ముందుకెళ్లాడు. సైప్రస్ చెట్టు వేరు, కొట్టుకొచ్చిన సముద్రపు నాచు, అలలు కోసేసిన రాతి గుంట. ఆ ఫోటోల్లో చాలావాటిలో ఆకాశమే కనపడదు. ఎదురుగా కుర్చీలో కూర్చున్న మనిషి ముఖం దగ్గరికి ఎంత వెళ్తామో అంతే దగ్గరికి వెళ్లాడు. పాతికేళ్లు ముఖాలు చూసి చూసి వచ్చిన చూపు అది, రాయి ముడతలు కూడా రీటచ్ చేయడానికి మనసొప్పని చూపు. ఇది నా అభిప్రాయం, పెద్దవాళ్లు కొట్టేస్తే కొట్టేయండి.

1937లో గుగెన్‌హైమ్ ఫెలోషిప్ వచ్చింది, కళాకారులకి పని చేసుకోమని ఇచ్చే డబ్బు, ఒక ఫోటోగ్రాఫర్‌కి అది రావడం అదే మొదటిసారి. ఆ డబ్బుతో ఊళ్లు తిరిగాడు, కారు నడిపింది ఆయనతో కలిసి ఉన్న కరిస్ విల్సన్, ఈయనకి డ్రైవింగ్ రాదు. ఆ ట్రిప్పులోనే కాలిఫోర్నియా ఎడారిలో చచ్చిపోయి పడున్న ఒక బాటసారి కనిపించాడు. ఆ ముఖం తీశాడు. ముఖమే, నేల మీద. పోర్ట్రెయిట్ అనాలా ల్యాండ్‌స్కేప్ అనాలా నాకు ఇప్పటికీ తేలలేదు.

ప్రపంచం ముక్కలైపోతుంటే వీళ్లు రాళ్లు ఫోటో తీసుకుంటున్నారేంటి అని ఆ రోజుల్లోనే ఫ్రెంచ్ ఫోటోగ్రాఫర్ కార్టియే బ్రెస్సాన్ అన్నాడని చెప్తారు. ఆ మాటలో న్యాయం లేదని నేననను. వెస్టన్ పోర్ట్రెయిట్లలో కూడా ఒక్కోసారి మనిషి మరీ రాయైపోతాడు, ఎదుటి మనిషి ఏం ఆలోచిస్తున్నాడో వెస్టన్‌కి పట్టినట్టుండదు, దవడ గీతే పడుతుంది. అయినా మళ్లీ మళ్లీ ఆ పుస్తకమే తెరుస్తాను, ఏం చేయను.

పార్కిన్సన్స్ వచ్చింది. చేతులు వణికితే అంత పెద్ద కెమెరా సర్దడం కష్టం. 1948లో పాయింట్ లోబోస్‌లోనే చివరి నెగటివ్ తీశాడు, ఆ తర్వాత పదేళ్లు బతికున్నా ఇంక తీయలేదు. కొడుకు బ్రెట్ తండ్రి చూస్తుండగా, ఆయన చెప్పినట్టు, 800కి పైగా నెగటివ్‌ల ప్రింట్లు వేశాడు. ఆ చివరి ఫోటోలో ఏముందంటే, బీచ్ మీద చిన్న చిన్న రాళ్లు, కాస్త పెద్దవి కొన్ని. అంతే. ఎవరూ తొంగిచూడని మూల. మొదటిసారి చూసినప్పుడు పేజీ తిప్పేశాను, ఏముంది ఇందులో అని.

ఆ లైట్లు కొంచెం తగ్గించండి బాబూ. మొదటి స్లైడ్ అదే పెట్టమన్నాను, రెండు నిమిషాలు ఉంచుతాను, మధ్యలో నేనేం మాట్లాడను.