గదికి మెట్లెన్నో అడిగారా? అమాల్ఫీ తీరంపై ఫోన్-ఇన్

యాంకర్: నమస్కారం. ఈ వారం మన ఫోన్-ఇన్‌లో ఇటలీ కబుర్లు. నేపుల్స్‌కి దక్షిణంగా ఉండే అమాల్ఫీ తీరం గురించి. పొజిటానో అనే ఊరి ఫొటో మీ ఫోన్లో ఎప్పుడో ఒకసారి కనిపించే ఉంటుంది. కొండ మీది నుంచి సముద్రం దాకా పేర్చినట్టు గులాబీ, పసుపు, తెల్ల ఇళ్లు. మరి అక్కడ గది తీసుకుని ఉంటే ఎలా ఉంటుంది? నేపుల్స్‌లో ఆరేళ్లు ఉండి, మనవాళ్లకి ప్రయాణాలు ఏర్పాటు చేసిన మేడం మనతో ఉన్నారు. మొదటి కాల్ గుంటూరు నుంచి. చెప్పండి సార్.

గుంటూరు మాస్టారు: నమస్కారమమ్మా. నేను రిటైర్డ్ టీచర్ని. మా అమ్మాయి మ్యూనిక్‌లో ఉంటుంది. సెప్టెంబర్లో మమ్మల్ని ఇద్దర్నీ రమ్మంటోంది. పొజిటానోలో నాలుగు రాత్రులకి గది చూసిందట, బాల్కనీలోంచి సముద్రం కనపడుతుందట. మా ఆవిడకి మోకాళ్ల నొప్పులు. అక్కడ కాస్త ఎత్తుపల్లాలు ఉంటాయని విన్నాను.

అతిథి: మాస్టారూ, కాస్త కాదండీ. ఆ ఊళ్లో కార్లు తిరిగే రోడ్డు ఒక్కటే, అదీ కొండ చుట్టూ మెలికలు తిరుగుతూ పోతుంది. మిగతాదంతా మెట్లే. రోడ్డు నుంచి హోటలుకి మెట్లు, హోటలు నుంచి బీచికి మెట్లు, పాల ప్యాకెట్టు కావాలన్నా మెట్లే. అమ్మాయి చూసిన గది రోడ్డుకి ఎన్ని మెట్ల దూరమో అడిగారా?

గుంటూరు మాస్టారు: లేదమ్మా. బీచి అయిదు నిమిషాలని రాశాడట.

అతిథి: ఆ అయిదు నిమిషాలు కిందికి దిగేటప్పుడు. ఎక్కడానికి ఎంతసేపో రాయరు. నా సొంత అనుభవం చెప్తాను. మా అమ్మ నా దగ్గరికి వచ్చినప్పుడు నేనూ ఇలాగే బాల్కనీ ఫొటో చూసి ఒక గెస్ట్‌హౌస్‌లో గది తీశాను. పేరు వద్దులెండి. బస్సు దిగాక ఫోన్ చేస్తే, "దగ్గరే, పైకి రండి" అన్నారు. లెక్కపెట్టాను. 214 మెట్లు. వానలకి అరిగిపోయి నున్నగా ఉన్న రాతి మెట్లు, ఒకటి జానెడు ఎత్తుంటే ఇంకొకటి మూరెడు. చాలాచోట్ల పట్టుకోడానికి కమ్మీ కూడా లేదు. అమ్మ సగంలో ఒక గుమ్మం ముందు కూలబడిపోయింది. ఆ ఇంటావిడ కుర్చీ, చెంబుడు నీళ్లు తెచ్చిచ్చింది. అమ్మ ఆ మూడు రోజులూ మళ్లీ కిందికి దిగలేదు. బాల్కనీలో కూర్చుని సముద్రం చూసింది గానీ, కాళ్లు తడుపుకోలేదు. తప్పు నాదే. ఒక్క ప్రశ్న అడిగి ఉంటే సరిపోయేది.

యాంకర్: తిరుమల మెట్లు ఎక్కే వాళ్లకి ఇదొక లెక్కా అంటారు మన శ్రోతలు.

అతిథి: అలిపిరి నుంచి 3,550 మెట్లు, నిజమే. కానీ అది జీవితంలో ఒకసారో పదిసార్లో, మొక్కు ఉండి, ఆగుతూ, గోవిందా అనుకుంటూ ఎక్కేది. అయ్యో, టూత్‌పేస్టు మర్చిపోయాం అనుకుని మళ్లీ దిగి ఎక్కం కదా. పొజిటానోలో అదీ చేయాలి, రోజుకి రెండు మూడు సార్లు. పైగా సూట్‌కేసు ఒకటి. అక్కడ సామాను మోసే మనుషులున్నారు, రెండు పెట్టెలు భుజాన వేసుకుని చకచకా ఎక్కేస్తారు. సంచికింత అని తీసుకుంటారు, ముందే మాట్లాడుకోవాలి. ఇప్పటికీ కొన్నిచోట్ల ఇటుకలు, సిమెంటు కంచరగాడిదల మీద పైకి చేరుస్తారు.

గుంటూరు మాస్టారు: అయితే మానుకోమంటారా?

అతిథి: ప్రయాణం మానకండి, గది మార్చండి. సలెర్నోలో ఉండండి. తీరానికి తూర్పు చివర ఉంటుంది, చదునైన పెద్ద ఊరు. రోమ్ నుంచి ఫాస్ట్ ట్రైన్‌లో సుమారు రెండు గంటలు. స్టేషన్ నుంచి సముద్రం ఒడ్డుకి అమ్మగారు కూడా మెల్లగా నడిచి వెళ్లగలరు. ఒడ్డు పొడవునా చెట్ల నీడన బెంచీలు. గది అద్దె కూడా బాగా తక్కువ. తీరం మీదే ఉండాలనుకుంటే మయోరి లేదా మినోరి. మయోరి బీచి ఆ తీరంలోకెల్లా పొడవైనది, దాని పక్కన రోడ్డు చదునుగా ఉంటుంది. పొజిటానోని పగలు బోటులో వెళ్లి చూసి రండి.

గుంటూరు మాస్టారు: సలెర్నో. రాసుకున్నానమ్మా. మా ఆవిడకి చెప్తాను.

యాంకర్: తర్వాతి కాల్ హైదరాబాద్.

హైదరాబాద్ శ్రోత: హాయ్ మేడం. మాకు ఫిబ్రవరిలో పెళ్లయింది. మోకాళ్ల ప్రాబ్లం లేదు! కానీ పొజిటానోలో రేట్లు చూస్తే టెన్షన్‌గా ఉంది. అంత పెట్టడం వర్తేనా? ఎప్పుడు వెళ్లమంటారు?

అతిథి: మీ ఇద్దరికైతే రెండు రాత్రులు ఉండమనే చెప్తాను. ఎందుకో వినండి. ఉదయం పది నుంచి సాయంత్రం అయిదింటి దాకా బోట్లలో, బస్సుల్లో జనం దిగుతూనే ఉంటారు. సందుల్లో మన ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో ఆదివారం సాయంత్రం ఉన్నట్టే. చివరి బోటు వెళ్లిపోయాక ఊరు ఒక్కసారి ఊపిరి పీల్చుకుంటుంది. గదికి మీరు పెట్టే డబ్బు ఆ సాయంత్రానికి, మర్నాడు పొద్దున ఏడు గంటలకి. అప్పుడు వీధులు కడుగుతుంటారు, చిన్న మూడుచక్రాల బండ్లు కూరగాయలు దింపుతుంటాయి. అవి మనకి తెలిసిన పియాజియో 'ఆపే' బండ్లే! ఆ కంపెనీ ఇటలీదే. ఆ మోత విని నాకు ఒక్క క్షణం మా ఊళ్లో ఉన్నట్టే అనిపించింది.

హైదరాబాద్ శ్రోత: ఆగస్టులో మావారికి సెలవు దొరుకుతుంది మేడం.

అతిథి: ఆగస్టు వద్దమ్మా. ఎండ, ఉక్కపోత, ఇటలీవాళ్ల సెలవులు కూడా అప్పుడే. 15న మేరీమాత పండుగ, పొజిటానోకి అది అన్నిటికన్నా పెద్దది. మే నెల మధ్య నుంచి జూన్ మొదటి వారం, లేదంటే సెప్టెంబర్ చివర. మేలో సముద్రం చల్లగా ఉంటుంది. సెప్టెంబర్లో నీళ్లు ఇంకా వెచ్చగా ఉంటాయి గానీ అప్పుడప్పుడు వాన పడొచ్చు. చలికాలంలో చౌకగా దొరుకుతుందని నవంబర్ తర్వాత వెళ్లకండి. ఎక్కువ హోటళ్లు మూసేస్తారు, బోట్లు ఆగిపోతాయి. వానలకి కొండచరియలు పడి రోడ్డు కూడా మూతపడుతుంటుంది. 2010 సెప్టెంబర్లో ఆ తీరంలోనే ఉన్న ఆత్రాని ఊళ్లో వాగు పొంగి వీధిలోకి వచ్చేసింది. అందమైన కొండే, కానీ మెతకది కాదు.

యాంకర్: రూమ్ బుక్ చేసేటప్పుడు ఇంకేం అడగాలి?

అతిథి: ఈ కొండ మీద చాలా హోటళ్లు తలకిందులుగా ఉంటాయి. గుమ్మం పైన రోడ్డు మీద, గదులు కిందికి అంతస్తులుగా. లిఫ్టు ఉందని రాస్తారు, అది మీ గది దాకా వస్తుందా లేదా అని విడిగా అడగండి. "సముద్రం కొంతవరకు కనపడును" అని ఉంటే బాల్కనీ చివర నిలబడి మెడ సాచాలని అర్థం. కింది అంతస్తుల గదులు వెనక రాతిని తొలిచి కట్టినవైతే చెమ్మ వాసన వస్తుంది, దుప్పటి కూడా తేమగా ఉంటుంది. పాత రివ్యూలు చదివేటప్పుడు ఆ మాట కోసం వెతకండి. రోజుకి ఇంతని టూరిస్టు పన్ను కూడా తీసుకుంటారు, గది అద్దెలో కలిపి ఉండదు. ఇంకోటి, బీచిలో ఇసుక ఉండదు, గులకరాళ్లే. మంచి చోటంతా గొడుగులూ కుర్చీలూ అద్దెకిచ్చేవాళ్లది. ఉచితంగా కూర్చునే ముక్క చిన్నది. రబ్బరు చెప్పులు పట్టుకెళ్లండి.

హైదరాబాద్ శ్రోత: ట్రెకింగ్ ఏమన్నా ఉందా మేడం?

అతిథి: ఉంది, ఒక పూట దానికే ఉంచండి. పై ఊరు బొమెరానో నుంచి నొచెల్లె దాకా దేవతల బాట అంటారు, సుమారు 6 కిలోమీటర్లు. బొమెరానో వైపు నుంచే మొదలుపెట్టండి, దిగుడు ఎక్కువ ఉంటుంది. నొచెల్లె నుంచి పొజిటానోకి బస్సుంది. మెట్లమీదే దిగుతామంటే వెయ్యిన్నరకి పైనే ఉంటాయి, మర్నాడు పిక్కలు పట్టేస్తాయి. దారిలో కొండంతా రాతి కట్టలు కట్టిన నిమ్మతోటలు కనిపిస్తాయి. ఆగి ఆ కట్టల్ని దగ్గరగా చూడండి. సున్నం, సిమెంటు ఏమీ లేకుండా రాయి మీద రాయి పేర్చినవి. ఒకప్పుడు ఆ తోటల్లోంచి ఆడవాళ్లు 50 కిలోలకి పైగా నిమ్మకాయల గంపలు ఎత్తుకుని ఒడ్డున పడవల దాకా దిగేవాళ్లు. వాళ్లని 'చిన్న చీమలు' అని పిలిచేవారు. మనం ఆయాసపడే మెట్లు వాళ్ల కూలి బాట. ఇప్పుడు తోట చూసే మనిషి లేనిచోట ఆ కట్టలు కూలిపోతున్నాయి. కట్ట కూలితే మట్టి జారుతుంది. అందుకే అక్కడ ఉన్నన్నాళ్లూ ఆ తోటల నిమ్మకాయలే కొనమని అందరికీ చెప్తాను.

యాంకర్: మ్యూనిక్ నుంచి ఒక కాల్.

మ్యూనిక్ శ్రోత: నమస్తే అక్కా. నలుగురు ఫ్రెండ్స్‌మి కారేసుకుని వద్దామనుకుంటున్నాం. డ్రైవ్ సూపర్‌గా ఉంటుందంటున్నారు.

అతిథి: పక్కన కూర్చున్నవాళ్లకి సూపర్, తమ్ముడూ. డ్రైవ్ చేసేవాడికి ఏమీ కనపడదు. రోడ్డు 19వ శతాబ్దంలో గుర్రబ్బండ్ల కోసం వేసింది. మలుపులో బస్సు ఎదురైతే ఎవరో ఒకరు వెనక్కి పోవాలి. వేసవిలో కొన్ని రోజులు ఉదయం 10 నుంచి సాయంత్రం 6 దాకా తేదీని బట్టి సరి, బేసి నంబర్ల నిబంధన పెడతారు. ఆ రోజులు ముందే చూసుకోండి, అద్దె కారుకి కూడా వర్తిస్తుంది. పొజిటానోలో రోజు పార్కింగ్‌కి అయ్యే డబ్బుతో నలుగురూ కడుపునిండా భోంచేయొచ్చు. కారు సలెర్నోలోనే పెట్టేసి బోటెక్కండి.

మ్యూనిక్ శ్రోత: బస్సులో వెళ్తే అక్కా?

అతిథి: వెళ్లొచ్చు. టికెట్ ముందే పొగాకు దుకాణంలో కొనుక్కోవాలి. కానీ సీజన్‌లో మధ్య స్టాపుల్లో ఎక్కాలంటే కష్టం, నిండిపోయి ఆగకుండా వెళ్లిపోతాయి. నేను ఎండలో గంటన్నర నిలబడ్డాను. బయల్దేరే చోటే ఎక్కండి. కడుపులో తిప్పే అలవాటుంటే ముందు సీటు.

యాంకర్: నెల్లూరు నుంచి ఒక అమ్మగారు.

నెల్లూరు శ్రోత: అమ్మాయ్, మేము గుడ్డు కూడా ముట్టం. అక్కడ ఏం తిని బతకాలి?

అతిథి: బాగానే తింటారు పిన్నిగారూ. కొండకి అవతల గ్రన్యానో అనే ఊరుంది, ఎండు పాస్తాకి పేరుపడ్డది. గోధుమ రవ్వ, నీళ్లు, అంతే, గుడ్డుండదు. అప్పటికప్పుడు చేసే తాజా పాస్తాలో మాత్రం గుడ్డు వేయొచ్చు, అడగాలి. "సెన్జా ఊవో" అంటే గుడ్డు లేకుండా. "సెన్జా కార్నే, సెన్జా పెషే" అంటే మాంసం, చేప లేకుండా. చేప మాట తప్పనిసరిగా అనండి. చెతారా ఊళ్లో చిన్న చేపల్ని ఉప్పులో ఊరబెట్టి తీసే రసం ఉంటుంది, చుట్టుపక్కల పాస్తాల్లో వేస్తారు, కంటికి కనపడదు. నిమ్మకాయ పాస్తా, టమాటా పాస్తా, మార్గరీటా పిజ్జా ఉంటాయి. ఇంకో సంగతి, వాళ్ల పార్మిజాన్ చీజ్‌లో పాలు విరగడానికి దూడ పొట్టలోంచి తీసిన పదార్థం వేస్తారు. పట్టింపు ఉంటే "సెన్జా ఫొర్మాజ్జొ" అనండి.

నెల్లూరు శ్రోత: ఆవకాయ పట్టుకెళ్లనిస్తారా?

అతిథి: సీసా లీకవకుండా గట్టిగా ప్యాక్ చేసి పెట్టె సామానులో పెట్టండి. నెయ్యి, పాలకోవా మాత్రం వద్దు. పాల పదార్థాలు, మాంసం బయటి దేశాల నుంచి యూరప్‌లోకి రానివ్వరు. ఇంకోటి, మీరు మొహమాటపడి అడగరు గానీ నేనే చెప్తాను. ఇటలీలో బాత్రూముల్లో కడుక్కోడానికి వేరే తొట్టి ఉంటుంది. ఇళ్లలో అది ఉండాలని 1975లో నిబంధనే పెట్టారు. ఆ విషయంలో నిశ్చింతగా ఉండండి.

నెల్లూరు శ్రోత: అమ్మయ్య. సగం బెంగ తీరింది తల్లీ.

యాంకర్: గుంటూరు మాస్టారు మళ్లీ లైన్లో ఉన్నారు. కాదు, వారి శ్రీమతిగారు.

గుంటూరు అమ్మగారు: నమస్తే అమ్మా. ఈయన మెట్లు మెట్లని భయపెడుతున్నారు. నేను ఫొటోలో చూసిన ఊరు అదేనమ్మా. సలెర్నోలో ఉంటే అది చూసినట్టవుతుందా?

అతిథి: అమ్మా, ఊళ్లో నిలబడితే ఊరు మొత్తం కనపడదు. ఫొటోలో మీరు చూసింది సముద్రం వైపు నుంచి కనపడే రూపం. సలెర్నోలో పొద్దున బోటెక్కితే 70 నిమిషాల్లో పొజిటానో. దిగేది సరిగ్గా బీచి పక్కనే. ఒడ్డునే కాఫీ హోటళ్లున్నాయి, మెట్లెక్కకుండా కూర్చోవచ్చు. ఓపికుంటే ఒక్క చర్చి దాకా కొన్ని మెట్లున్నాయి, పసుపు, ఆకుపచ్చ పెంకుల గుమ్మటం. అందులో నల్లటి మేరీమాత పటం ఉంటుంది. పూర్వం దాన్ని ఓడలో తీసుకుపోతుంటే తుఫాను రేగిందట, "పోసా, పోసా" అని ఆ పటం నుంచి మాట వినపడిందట. దించు, దించు అని. అక్కడ దించారు కాబట్టి పొజిటానో అయిందని ఊరివాళ్లు చెప్పుకుంటారు. మా అమ్మకి ఆ గెస్ట్‌హౌస్ మెట్ల మీద కూర్చున్నప్పుడే ఈ కథ చెప్పాను. "నన్నూ ఇక్కడే దించెయ్యవే" అంది. ఇప్పటికీ గుర్తొస్తే బాధేస్తుంది. మిమ్మల్ని అలా ఎక్కనివ్వను.

గుంటూరు అమ్మగారు: మరి కాళ్లు తడుపుకోడానికి?

అతిథి: బోటు దిగిన చోటు నుంచి పదడుగులు. అలలు పెద్దగా ఉన్న రోజు బోట్లు ఆపేస్తారు, అందుకని వెళ్లిన మొదటి రోజే పెట్టుకోండి, మళ్లీ ఇంకో రోజు చేతిలో ఉంటుంది. గులకరాళ్లు గుచ్చుకుంటాయి, చెప్పులతోనే దిగండి, మాస్టారి చెయ్యి పట్టుకోండి.

గుంటూరు అమ్మగారు: బోటులో ఏ వైపు కూర్చోమంటావు?

అతిథి: వెళ్లేటప్పుడు కుడివైపు. వచ్చేటప్పుడు ఎడమవైపు.