టేకు తప్పినప్పుడు కెమెరా ఆపకండి: వెబ్ వీడియోల్లో అనుకోని క్షణాల గురించి ఒక ప్రసంగం

అందరికీ నమస్తే. నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ నుంచి, అటు పాలమూరు, నాగర్‌కర్నూల్ నుంచి కూడా వచ్చారు. సంతోషం.

డైలాగు మర్చిపోయిన నటుడు ఇంకేదో అంటాడు. సీను నడుస్తుంటే మేక ఫ్రేములోకి వస్తుంది. వంట వీడియోలో అవ్వ ఉప్పు డబ్బా అనుకుని చక్కెర డబ్బా మూత తీస్తుంది. ఇలాంటివి ఉంచాలా, తీసేయాలా? ఎడిటింగ్‌లో చూసుకుందాం అని చాలామంది వదిలేస్తారు. అక్కడికి వచ్చేసరికి తేల్చుకోవడానికి ఏమీ మిగలదు. మాట బాగుంటుంది గానీ మైకులో గొంతు పగిలి ఉంటుంది. నవ్వు బాగుంటుంది గానీ కెమెరా పట్టుకున్నాయన కూడా నవ్వి ఫ్రేము ఊగి ఉంటుంది. లేదంటే డైరెక్టరే తొందరపడి "కట్" అనేసి ఉంటాడు. తప్పును ఉంచుకోవాలంటే ఏర్పాటంతా షూటింగ్‌కు ముందే జరగాలి. ఇవాళ ఆ ఏర్పాటు గురించే మాట్లాడతాను.

ఒక సీను అనుకుందాం. చాయ్ హోటల్ ముందు బల్ల. మల్లయ్య బాకీ ఉన్నాడు, రాములు అడగడానికి వచ్చాడు. స్క్రిప్టు ప్రకారం మల్లయ్య "రేపు పక్కా ఇస్త బావా" అంటాడు, రాములు "సరే, రేపొస్త" అని లేచిపోతాడు. టేకులో రాములు వేషం వేసినాయన తన లైను మర్చిపోయాడు. కాసేపు బిత్తరపోయి చూసి, "ఏ రేపు బావా? మొన్న చెప్పిన రేపా, ఇయ్యాల చెప్పిన రేపా?" అన్నాడు. మల్లయ్యకు నవ్వు ఆగక చాయ్ గ్లాసు ఎత్తి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

ఇది ఉంచాల్సిన టేకు. ఎందుకంటే గ్లాసు వెనక దాక్కున్నది నటుడైనా, చూసేవాళ్లకు బాకీ ఉన్న మల్లయ్యే సిగ్గుతో దాక్కున్నట్టు కనిపిస్తుంది. అదే మల్లయ్య కెమెరా వైపో డైరెక్టర్ వైపో చూసి నవ్వి ఉంటే కథ అక్కడే తెగిపోయేది. అప్పుడది వీడియో చివర నవ్వు కోసం పెట్టుకునే తప్పిన టేకు, అంటే బ్లూపర్ మాత్రమే. నేనైతే ఎడిటింగ్‌లో ముందు కళ్లు చూస్తాను. చూపు సీనులోనే ఉంటే ఉంచుతాను, బయటికి పోతే కోస్తాను. మిగతా లెక్కలన్నీ ఆ తర్వాతే.

ఈ టేకు దక్కాలంటే ముందుగా కావాల్సింది డైరెక్టర్ నోరు కట్టుకోవడం. చివరి డైలాగు అయ్యాక కనీసం 10 సెకన్లు కెమెరా నడవాలి. లైను తప్పినా అంతే. "కట్" అనే హక్కు ఒక్కరికే ఉండాలి, అది కూడా చెయ్యి ఎత్తి చూపితే చాలు. "అరె, సూపరన్నా" అని ఎవరో ఒకరు అరుస్తారు, ఆ అరుపు సరిగ్గా మంచి మాట మీదే పడుతుంది. లైటు బాయ్ దాకా అందరికీ ఈ సంగతి ముందే చెప్పి పెట్టండి.

టేకు అయిపోయాక అందరూ చేసే పొరపాటు ఒకటుంది. "బలే వచ్చింది, మళ్లీ అట్లనే చెయ్" అంటారు. రాదు. రాములు రెండోసారి ఆ మాట అనేలోపే మల్లయ్య చెయ్యి గ్లాసు మీదికి పోతుంది. జరగబోయేది తెలిసిన మనిషి కళ్లు దానికంటే ముందే అక్కడికి చేరతాయి. కావాలని చేసిన "పొరపాట్లు" దొరికిపోయేది కూడా ఇక్కడే. కుండ పగలకముందే కుండ మీద క్లోజప్ ఉంటే, అది అనుకోకుండా పగిలిందని ఎవరు నమ్ముతారు?

దాన్ని మళ్లీ చేయించే బదులు, దాన్ని వాడుకోవడానికి కావాల్సిన ముక్కలు తీయండి. రాములు మౌనంగా చూసే క్లోజప్, బల్ల మీద చేతులు, మరిగే చాయ్ గిన్నె, ఒక్కోటి 8 నుంచి 10 సెకన్లు. గ్లాసులో చాయ్ ఎంతవరకు ఉందో ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి. అనుకోని టేకులో సగం తాగేసి ఉంటాడు, తర్వాతి షాట్‌లో నిండు గ్లాసు కనిపిస్తే కామెంట్లన్నీ దాని మీదే. ఇక అందరినీ నిలబెట్టి ఎవరూ మాట్లాడకుండా 30 సెకన్లు ఆ చోటి నిశ్శబ్దం రికార్డు చేయండి. రోడ్డు చప్పుడు, స్టవ్ బుస్సుమనడం అందులో ఉంటాయి. ఎక్కడ కోసినా ఆ అతుకు కింద పరిచేది ఇదే. చివరికి స్క్రిప్టులో ఉన్నట్టు ఒక టేకు తీసుకోండి. కథకు ఆ లైను అవసరమని రాత్రి గుర్తొచ్చి లాభం లేదు.

సౌండు దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి, మన టేకులు ఎక్కువగా పోయేది ఇక్కడే. మామూలు మాటకు సౌండు మీటరు పై అంచు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆడేలా పెడతాం. రాసుకున్న డైలాగుకు అది సరిపోతుంది. రాసుకోని నవ్వు, అరుపు ఒక్కసారిగా సున్నాకు, అంటే మీటరు ఆఖరి హద్దుకు తగులుతాయి. సున్నా దాటిన ధ్వని పైభాగం తెగిపోతుంది, తెగినదాన్ని ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా తిరిగి తేలేదు. అందుకే ఇప్పుడు చాలా వైర్‌లెస్ మైకుల్లో సేఫ్టీ ట్రాక్ అనే సదుపాయం ఇస్తున్నారు. అదే మాటను తక్కువ లెవెల్లో ఇంకో ట్రాకులో రాసుకుంటుంది. మెనూలో అది ఆన్‌లో ఉందో లేదో చూడండి. అది లేని మైకయితే లెవెల్ మైనస్ 18 దగ్గరికి దించుకోండి. తర్వాత పెంచితే కొంచెం హిస్, అంటే సన్నటి బుస చప్పుడు వస్తుంది, తెగిన నవ్వు కంటే అది నయం.

ఇద్దరు మాట్లాడితే రెండు కాలర్ మైకులు, రెండు ట్రాకులు. రిసీవర్‌ను మోనోలో పెడితే ఇద్దరి గొంతులూ ఒకే ట్రాకులో కలిసిపోతాయి. రాసుకున్న సీనులో ఒకరి తర్వాత ఒకరు మాట్లాడతారు కాబట్టి పెద్ద ఇబ్బంది లేదు. అప్పటికప్పుడు పుట్టే మాటల్లో ఒకరి మీద ఒకరు పడతారు. కలిసిపోయాక ఒకరి గొంతు తగ్గించి ఇంకొకరిది పెంచడం చేతకాదు. స్టీరియోలో పెడితే ఎడమ ఒకరు, కుడి ఒకరు.

పాటల సంగతి కూడా చెప్పాలి. హోటల్ లోపల టీవీలోనో, పక్కన పోయే ఆటోలోనో సినిమా పాట మోగుతుంటే, ఆ టేకు ఎంత బాగున్నా, కాపీరైటు పాటలను గుర్తుపట్టే యూట్యూబ్ కంటెంట్ ఐడీ పట్టుకునే అవకాశం ఉంది. యూట్యూబ్ స్టూడియోలో ఆ పాటను తీసేయడం, ఆ ముక్కను కోయడం లాంటి దారులు ఉన్నాయి గానీ మీ మాట కూడా దాంతోపాటే దెబ్బతినొచ్చు. షూటింగ్ మొదలయ్యే ముందే హోటల్ యజమానిని బతిమాలి టీవీ ఆపించండి.

ఇక బొమ్మ. ఫోన్‌తో తీసేవాళ్లు ఫోకస్, ఎక్స్‌పోజర్ (వెలుతురు లెక్క) రెండూ లాక్ చేయండి. లేకపోతే మేక అడ్డం రాగానే ఫోన్ దాని మీద ఫోకస్ పట్టి, వెలుతురు మార్చి, మనుషులను మసకబారుస్తుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబ్‌లైట్ కింద తీస్తే సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 1/50 పెట్టండి. ఆటో మోడ్‌లో వదిలేస్తే మంచి క్షణంలోనే లైటు కొట్టుకుంటుంది.

ఎక్కువసేపు ఆపకుండా తీస్తే జాగా కావాలి. సెకనుకు 17 మెగాబిట్ల లెక్కన ఫుల్ హెచ్‌డీ రికార్డయితే నిమిషానికి దాదాపు 130 ఎంబీ, గంటకు ఏడున్నర జీబీ పైన. పాత కెమెరాలు చాలావరకు 29 నిమిషాల 59 సెకన్లకు వాటంతటవే ఆగిపోతాయి. యూరప్ కస్టమ్స్ సుంకాల లెక్క కోసం కంపెనీలు పెట్టుకున్న హద్దు అది. 25 నిమిషాలకు మీరే ఆపి మళ్లీ మొదలుపెట్టండి. ఫోన్లకు ఇంకో గుణం ఉంది. ఫ్రేముల వేగం నిలకడగా ఉండదు, అందువల్ల వేరే రికార్డర్లో పట్టిన సౌండు పొడుగు టేకు చివరికి పెదాలతో కలవదు. హ్యాండ్‌బ్రేక్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో స్థిర వేగానికి మార్చుకుని ఆ తర్వాతే టైమ్‌లైన్‌లోకి ఎక్కించండి.

ఒక కెమెరా ఉంటే వైడ్‌లో, అంటే చోటంతా కనిపించేలా పెట్టండి, రెండుంటే ఒకటి ఎప్పుడూ వైడ్‌లోనే. 2017 మార్చిలో బీబీసీ ఇంటర్వ్యూ ఒకటి మీరంతా చూసే ఉంటారు. బుసాన్‌లో తన ఇంటి గదిలోంచి రాబర్ట్ కెల్లీ అనే ప్రొఫెసర్ మాట్లాడుతుంటే వెనక తలుపు తీసుకుని కూతురు ఊగుతూ వచ్చింది, దాని వెనకే వాకర్‌లో పసివాడు, ఆ వెనక పరుగున తల్లి. ఫ్రేములో తలుపు ఉంది కాబట్టే అది దక్కింది. ఆయన ముఖం మీదికి జూమ్ చేసి ఉంటే ఒక చెయ్యి కదలడం, కొన్ని చప్పుళ్లు, అంతే. పైగా ఇంటర్వ్యూలో చూపు ఉండాల్సింది కెమెరా మీదే, ఆయన అక్కడే చూపు పెట్టి మాట కొనసాగించడానికి తంటాలు పడ్డాడు. నవ్వంతా ఆ తంటాలోనే ఉంది.

ఇలాంటి మాటలు పుట్టాలంటే నటులకు డైలాగులు బట్టీ పట్టించకండి. ఎవరికి ఏం కావాలి, ఏం దాచాలి, సీను ఏ మాట మీద ముగియాలి, ఈ మూడూ చెప్పి వదలండి. బుర్రకథలో కథకుడు కథ నడుపుతుంటే హాస్య వంత ఊళ్లో సంగతులను మధ్యలో అంటించి, మళ్లీ కథ దారిలోకే వస్తాడు. సుద్దాల హనుమంతు గారు సాయుధ పోరాట కాలంలో గొల్లసుద్దులు చెప్పిన నల్లగొండ జిల్లా ఇది, అప్పటికప్పుడు మాట అందుకోవడం మనవాళ్లకు ఒకరు నేర్పాల్సిన పని కాదు.

అయితే అన్ని తప్పులూ ఉంచేవి కావు. బత్తాయి తోట వీడియోలో మందు లీటరు నీళ్లకు 2 మిల్లీలీటర్లు అనబోయి 20 అన్నారనుకోండి. నవ్వి సరిదిద్దుకున్నా సరే, అది తీసేసి మళ్లీ చెప్పించండి. ఆ ముక్కను ఎవరో కత్తిరించి వాట్సాప్‌లో పంపితే సరిదిద్దిన మాట వెనకే ఉండిపోతుంది, తోట మాత్రం మాడిపోతుంది. మోటారు స్టార్టర్ మూత తీసి చూపేటప్పుడు చెయ్యి జారడం లాంటివి కూడా నవ్వుకు పనికిరావు. దారిన పోతూ ఫ్రేములోకి వచ్చి తిట్టిన పెద్దమనిషి, నత్తిగా మాట్లాడిన పిల్లవాడు, వీళ్లను అడక్కుండా పెట్టొద్దు. పిల్లలయితే తల్లిదండ్రులనూ అడగాలి, అది కూడా ఎడిట్ చేసిన ముక్క చూపించి. ఒకసారి ఎక్కించాక అదే లింకులో వీడియో మార్చలేరు. కోయడం, ముఖం మసక చేయడం వరకే చేతిలో ఉంటుంది.

టైమ్‌లైన్ మీద మన మల్లయ్య సీనుకు పెద్ద పని లేదు. రాములు బిత్తరపోయిన మౌనాన్ని కుదించకండి. మాట అయ్యాక గ్లాసు పైకి వెళ్లే వరకు వైడ్‌లోనే ఉండి, గ్లాసు ముఖానికి చేరిన తర్వాత ఇంకో 12 ఫ్రేములు, అంటే అర సెకను, ఆగి కోయండి. హోటల్ చప్పుడు మాత్రం తర్వాతి షాట్ మీదికి సాగనివ్వండి. వెనక నవ్వుల రికార్డింగ్, "టొయ్ఁ" అనే సౌండు వేయకండి. అవి పడగానే టేకు కృత్రిమంగా మారిపోతుంది.

చూపు బయటికి పోయిన టేకులు చివర వేసుకోవచ్చు. వేరే వీడియోలు, సబ్‌స్క్రైబ్ బటన్ చూపే యూట్యూబ్ ఎండ్ స్క్రీన్ చివరి 5 నుంచి 20 సెకన్లలో వస్తుంది, బ్లూపర్లు కూడా సరిగ్గా అక్కడే పడతాయి. కాబట్టి ఎండ్ స్క్రీన్ డబ్బాలు ఎక్కడ పెడతారో ముందే అనుకుని, బ్లూపర్ల బొమ్మను చిన్నది చేసి రెండో పక్కకు జరపండి. లేకపోతే నవ్వుతున్న మల్లయ్య ముఖం మీద సబ్‌స్క్రైబ్ బటన్ కూర్చుంటుంది.